వంద మీటర్ల పిల్లాడు ఫాస్ట్ బౌలర్ అవుతాడా?

అందరికీ నమస్తే. మొన్న హనుమకొండ జేఎన్ఎస్ గ్రౌండ్‌లో ఒక తండ్రి నన్ను ఆపి అడిగాడు: "అన్నా, మావోడు వంద మీటర్లల్ల స్కూల్ ఫస్ట్. క్రికెట్ అకాడమీల ఏస్తే ఫాస్ట్ బౌలర్ అయితడా?" నేను నోరు తెరిచేలోపే పక్కనున్నాయన "పుట్టు ఆటగాడికి ఏ ఆటైనా ఒకటే" అని తేల్చేశాడు. ఆ మాట నేను ఒప్పుకోను. ఒక ఆటలో ఉన్న బలం ఇంకో ఆటలోకి కొంత వస్తుంది, కొంత రాదు. ఏది వస్తుందో, ఏది రాదో చూడకుండా పిల్లల్ని అటూ ఇటూ మార్చేస్తే నష్టపోయేది వాళ్లే.

మైకేల్ జోర్డాన్ సంగతి తీసుకోండి. బాస్కెట్‌బాల్‌లో అంతటి ఆటగాడు, 1994లో బేస్‌బాల్‌కి వెళ్లి బర్మింగ్‌హామ్ బారన్స్ అనే కింది స్థాయి జట్టుకి ఆడాడు. 127 మ్యాచ్‌ల్లో 114 సార్లు స్ట్రైకౌట్, అంటే బంతిని కొట్టలేక బ్యాట్ పట్టుకుని వెనక్కి వచ్చేశాడు. అదే సీజన్‌లో 30 బేస్‌లు దొంగిలించాడు. బేస్ అంటే పరుగు తీసేవాడు చేరాల్సిన గుర్తు. బేస్ దొంగిలించడమంటే అవతలివాళ్ల కన్నుగప్పి తర్వాతి బేస్‌కి ఉరకడం. ఈ రెండు లెక్కలూ ఒకే మనిషివి! కాళ్లు కొత్త ఆటలోకి వచ్చేశాయి. కళ్లు రాలేదు.

ఎందుకంటే అంత వేగంగా వచ్చే బంతిని చివరిదాకా చూసి కొట్టే టైమ్ ఎవరికీ ఉండదు. విసిరేవాడి భుజం, మణికట్టు చూసి బంతి ఎటు వస్తుందో ముందే పసిగట్టాలి. ఆ చూపు వేల బంతులు ఆడితే తప్ప రాదు. జోర్డాన్ స్కూల్ రోజుల తర్వాత బేస్‌బాల్ వదిలేశాడు. మళ్లీ బ్యాట్ పట్టేనాటికి 31 ఏళ్లు.

మన నిజామాబాద్ నిఖత్ జరీన్ కూడా ఆట మార్చిందే. పరుగు పందేలతో మొదలుపెట్టి, టీనేజ్ మొదట్లోనే బాక్సింగ్‌లోకి వచ్చింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. పరుగులో వచ్చిన కాళ్ల వేగం తోడుంది, ఎదుటివాళ్ల పంచ్ పసిగట్టడం నేర్చుకునే వయసూ ఉంది. నా దృష్టిలో రెండోదే పెద్ద బలం.

మన దగ్గర స్కూళ్లలో ఎక్కువగా కనిపించేది ఖోఖో నుంచి కబడ్డీకి మారడం. అలా మారిన ఒక హైస్కూల్ అమ్మాయి ఆట దగ్గరుండి చూశాను. రైడ్‌కి వెళ్తే ఆ పిల్లను పట్టడం ఎవరి తరమూ కాలేదు, ఒక్క అడుగులో ఒళ్లు తిప్పేస్తుంది. అదే డిఫెన్స్‌లో కార్నర్‌లో నిలబెడితే, రైడర్ చెయ్యి చాచగానే రెండడుగులు వెనక్కి వేస్తోంది. భయం అనుకుని అందరూ అరుస్తున్నారు. పాపం, ఖోఖోలో తాకితే ఔట్ కదా! ఏళ్ల తరబడి తప్పించుకోవడానికి అలవాటుపడ్డ ఒళ్లు, ఎదురెళ్లి చీలమండ పట్టుకోమంటే వెంటనే ఎలా వింటుంది? కుస్తీ నుంచి వచ్చినవాళ్లకు ఈ చిక్కు ఉండదు. ఇరాన్ కబడ్డీ ఆటగాళ్లలో కుస్తీ నేపథ్యం ఉన్నవాళ్లు చాలామంది. కాలు అందుకుని కిందపడేయడం వాళ్లకు ముందే వచ్చు. 2018 ఆసియా క్రీడల సెమీఫైనల్లో మనల్ని ఓడించి, స్వర్ణం కూడా గెలిచారు.

ఇప్పుడు ఆ తండ్రికి నా జవాబు. అన్నా, మీవాడి పరుగు రనప్‌లో పనికొస్తుంది. కానీ ఆ వేగం బంతికి చేరాలంటే ముందుకాలు నేలమీద బిగియాలి. మోకాలు పెద్దగా వంగకుండా ఒంటిని ఒక్కసారిగా ఆపితేనే ఆ ఊపు నడుము మీదుగా చేతికి వెళ్తుంది. వంద మీటర్లు ఉరికేవాడికి గీత దాటేదాకా ఆగొద్దనే నేర్పారు. ఇక్కడ ఉరికి ఉరికి ఆగడం నేర్చుకోవాలి, దానికి టైమ్ పడుతుంది. ఎదిగే వయసులో బౌలింగ్ మరీ ఎక్కువైతే నడుము ఎముకలో పగుళ్లు రావచ్చు, అది మామూలు నొప్పి అనుకుని తోసేయొద్దు. పిల్లాణ్ని పంపండి, పరుగు మాత్రం మాన్పించకండి. ఫీజు కట్టే ముందు "వారానికి ఎన్ని ఓవర్లు వేయిస్తారు సార్?" అని అడగండి. దానికి లెక్క చెప్పలేని అకాడమీలో చేర్చకండి.