అవ్వ చదివి చెప్పిన ఆరు అంకెలు

శ్రోతలకు నమస్కారం.

మాది పరకాల దగ్గర ఒక పల్లె. దోహాలో తొమ్మిదేండ్లు ఒక కంపెనీ స్టోర్‌లో పనిచేసి తిరిగి వచ్చాను. మా దిక్కు ఖతర్ పోయినా, కువైట్ పోయినా, మస్కట్ పోయినా ‘దుబాయి పోయిండు’ అనే అంటారు. ఆ లెక్కన నేనూ దుబాయి పోయి వచ్చినవాణ్ణే. ఈ రోజు మీతో ఒక చిన్న సంగతి మాట్లాడాలని వచ్చాను. బ్యాంకు నుంచి ఫోనుకు ఆరు అంకెల మెసేజ్ వస్తుంది కదా, మనం ఓటీపీ అంటాం, దాని గురించి. మనిషి అక్కడ, మెసేజ్ ఇక్కడ అయితే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను.

పోయే రోజు నా పాత ఫోను అవ్వ, అంటే మా అమ్మ, చేతికిచ్చాను. ‘ఈ సిమ్ పోగొట్టకు, బ్యాంకు మెసేజులన్నీ దీనికే వస్తయి’ అని చెప్పాను. ఏటీఎం కార్డు కూడా ఆమె దగ్గరే పెట్టాను, అవసరానికి ఎవరినన్నా తోలుకపోయి పైసలు తీసుకుంటుందని. దోహాలో దిగాక అక్కడి సిమ్ తీసుకున్నాను. నాకు తెలిసిన వాళ్లందరూ అట్లనే చేశారు. సనయ్య అనే ఫ్యాక్టరీల ఏరియాలో మా రూములో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. జగిత్యాల, మెట్‌పల్లి, సిరిసిల్ల, ఆర్మూరు, తలా ఒక ఊరు. ఎనిమిది మంది సిములూ ఊర్లోనే ఉన్నాయి. కొందరివి భార్య దగ్గర, కొందరివి తండ్రి దగ్గర. ఒకరిదైతే కిరాణా దుకాణం నడిపే బావమరిది దగ్గర.

మొదటిసారి నాకు ఓటీపీ అవసరం పడింది చెల్లె కాలేజీ ఫీజు కట్టేటప్పుడు. హన్మకొండలో బీఈడీ సీటు వచ్చింది, మరునాడే ఆఖరు తేదీ. డ్యూటీ దిగి రూముకు వచ్చేసరికి రాత్రి పది. దోహా మనకంటే రెండున్నర గంటలు వెనక, అంటే ఊర్లో పన్నెండున్నర. అవ్వను నిద్రలేపాను. మా పెంకుటింట్లో సిగ్నల్ అందదు, ఫోను పట్టుకొని వాకిట్లో వేపచెట్టు కిందికి పోవాలి. అవ్వకు అక్షరాలు రావు. అంకెలు మాత్రం వచ్చు, క్యాలెండర్ చూసి, బస్సు నంబర్లు చూసి నేర్చుకున్నది. మెసేజ్ వచ్చింది. అందులో మొదట కనపడ్డ అంకెలు చదివింది. అది ఫీజు మొత్తం. ‘అది కాదవ్వా, ఇంకా కిందికి చూడు’ అన్నాను. ఆమె కళ్లద్దాలు వెతుక్కునేలోపు టైం అయిపోయింది. రెండోసారి ఒక అంకె తప్పింది. మూడోసారి తప్పితే లావాదేవీ బ్లాక్ అవుతుందని నాకు ఒకటే టెన్షన్. చివరికి పక్కింటి పిల్లగాణ్ణి లేపి చదివించింది.

నెల తిరిగేసరికి అవ్వ ఆ పనిలో ఆరితేరింది. ఫోను మోగితే చాలు, ‘చెప్పాల్నా బిడ్డా’ అని ముందే అడిగేది. అక్షరం రాని మా అవ్వ బ్యాంకు పని చేస్తున్నదని రూములో అందరికీ గర్వంగా చెప్పేవాణ్ణి.

2019లో ఒక రోజు ఆమెకు ఫోను వచ్చింది. అవతల ఎవడో నా పేరు చెప్పాడట. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానన్నాడట. మీ కొడుకు పంపిన పైసలు ఆగినయి, కార్డు మీది అంకెలు చదువు, ఇప్పుడొక మెసేజ్ వస్తది, అందులోని అంకెలు కూడా చదువు, పైసలు పడతయి అన్నాడట. ఆమె చదివింది. ఎందుకు చదవదు? కొడుకు పేరు చెప్పి, ఫోన్లో అంకెలడిగితే చదివి చెప్పాలని మూడేండ్ల నుంచి ఆమెకు నేర్పింది నేనే. 38 వేలు పోయాయి.

ఇందులో నన్ను ఇప్పటికీ బాధపెట్టే ముక్క ఇంకొకటి ఉంది. పైసలు పోయిన సంగతి నాకు నాలుగు రోజుల దాకా తెలియదు. మీ ఖాతాలోంచి ఇంత సొమ్ము తీశారు అని బ్యాంకు వెంటనే మెసేజ్ పంపింది. అదీ అదే ఫోనుకు పోయింది. అవ్వకు అది చదవరాదు, అన్ని మెసేజుల్లాగే ఇదీ ఒకటనుకుంది. చిట్టీ పైసలు పంపుదామని నేను చూసుకునేసరికి ఖాతా ఖాళీ. తాళం చెవి ఊర్లోనే ఉంది, దొంగ పడితే మొరిగే కుక్క కూడా ఊర్లోనే ఉంది, ఇల్లు గలవాడు మాత్రం సముద్రం అవతల ఉన్నాడు.

రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఒక నియమం పెట్టింది. మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా వేరే ఎక్కడో లోపం జరిగి పైసలు పోతే, బ్యాంకు మెసేజ్ అందిన మూడు పని దినాల్లో ఫిర్యాదు చేసినవారికి నష్టం ఉండదు. కానీ ఓటీపీ మనమే చెప్పి ఉంటే, ఆ నియమం ప్రకారం ఫిర్యాదు చేసేదాకా పోయిన సొమ్ము మనదే. ఫిర్యాదు చేశాక పోయేది బ్యాంకుది. అంటే ప్రతి గంటా లెక్కే. మేం నాలుగు రోజులు ఆలస్యం. ఆ 38 వేలు తిరిగి రాలేదు. ఆ తర్వాత అవ్వ చాలా నెలలు ఆ ఫోను ముట్టలేదు. నేను చేస్తే కూడా చెల్లెనే ఎత్తమనేది. పైసలు ఇంకో నాలుగు నెలల్లో సంపాదించుకున్నాను గానీ, ఆ నెలల్లో అవ్వ గొంతు వినలేకపోయాను.

అప్పటికి 1930 అనే నంబరు లేదు. ఇప్పుడు ఉంది. మోసం జరిగిందని తెలియగానే ఇంట్లోవాళ్లు ఇక్కడినుంచి 1930కి ఫోను చేయాలి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే సర్కారు వెబ్‌సైటులో ఫిర్యాదు రాయాలి. బయటి దేశంలో ఉన్నవాళ్లు ఆ వెబ్‌సైటు అక్కడినుంచే తెరిచి రాయొచ్చు. బ్యాంకుకు కూడా అదే నిమిషంలో చెప్పాలి.

అసలు మన సిమ్‌ను మన దగ్గరే ఎందుకు పెట్టుకోం? నేను ఎంతోమందిని అడిగాను. రోమింగ్‌లో బిల్లు పగిలిపోతుందని భయం. ఆ భయం సగమే నిజం. కాల్స్ మాట్లాడితే, డేటా వాడితే ఖర్చు నిజంగానే ఎక్కువ. మెసేజ్ అందుకోవడానికి మాత్రం డేటా అక్కర్లేదు. అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించుకుని, ఫోన్లో డేటా రోమింగ్ ఆఫ్ చేసి, ఆ సిమ్‌ను రెండో స్లాట్‌లో పెట్టుకుంటే చాలు. మన సిమ్ ఇప్పుడు ఏ దేశంలో, ఏ నెట్‌వర్క్ మీద ఉన్నదో ఇక్కడి సిమ్ కంపెనీ రికార్డులో ఉంటుంది. బ్యాంకు మెసేజ్ ముందు ఇక్కడికి వచ్చి, ఆ రికార్డు చూసుకుని అక్కడికి పోతుంది. వచ్చే మెసేజ్‌కు చాలా ప్లాన్లలో ఛార్జీ ఉండదు, పోయేముందు మీ సిమ్ కంపెనీని అడిగి నిర్ధారించుకోండి. రోమింగ్ కూడా ఇక్కడ ఉండగానే ఆన్ చేయించుకోండి. అక్కడ దిగాక చేయిద్దామంటే, దానికీ ఒక ఓటీపీ అడగొచ్చు, అది వచ్చే దారే ఉండదు.

రీచార్జ్ సంగతి ఇంకా ముఖ్యం. ప్యాక్ అయిపోతే కొన్నాళ్లకు మెసేజులు రావడం ఆగిపోతుంది. 90 రోజులు ఆ నంబరు మీద కాల్ గానీ, పంపిన మెసేజ్ గానీ, డేటా గానీ ఏ వాడకమూ లేకపోతే నంబరునే తీసేయొచ్చని, ఫోను కంపెనీలకు నియమాలు పెట్టే సర్కారు సంస్థ ట్రాయ్ నియమం. బ్యాలెన్స్‌లో 20 రూపాయలుంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు ఆగుతారు. తీసేసిన నంబరును కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వరు, ఆ తర్వాత ఇంకొకరికి ఇస్తారు. ఈ మాట 2023లో సుప్రీంకోర్టు దాకా పోయింది. రెండేండ్ల అగ్రిమెంటు మీద పోయినవాడు తిరిగొచ్చేసరికి అతని నంబరు ముక్కూ మొహం తెలియని మనిషి జేబులో ఉండొచ్చు, బ్యాంకు ఓటీపీలు అతనికి పోతూ ఉండొచ్చు. డేటా లేకుండా కాల్స్, మెసేజులకే రీచార్జ్‌లు పెట్టాలని 2024 డిసెంబరులో ట్రాయ్ కంపెనీలకు చెప్పింది, వాటి గడువు 365 రోజుల దాకా పెట్టొచ్చు. ఏడాదికోసారి వేయించుకునేవాళ్లకు అది పనికొస్తుంది.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. మన ఊర్లల్లో బాపు పేరు మీద తీసుకున్న సిమ్ కొడుకు వాడుతుంటాడు. సిమ్ పాడైతే, పోతే, కొత్తది ఇవ్వమని ఎవరి పేరు మీద ఉందో వాళ్లే వెళ్లి అడగాలి. బాపు లేకపోతే ఇక తిప్పలే. కొత్త సిమ్ చేతికొచ్చాక కూడా 24 గంటలు మెసేజులు రావు. మోసగాళ్లు మన నంబరు మీద దొంగతనంగా సిమ్ తీసుకోకుండా పెట్టిన జాగ్రత్త అది. అత్యవసరంగా ఆస్పత్రి బిల్లు కట్టాల్సిన రోజు ఈ సంగతి తెలిస్తే గుండె గుభేలుమంటుంది.

ఇంకో దారి ఉంది, నా లెక్కలో ఇదే మంచిది. బయటి దేశంలో స్థిరంగా పనిచేస్తున్నవాళ్లు ఊరి బ్యాంకులో ఉన్న మామూలు పొదుపు ఖాతాను అట్లనే వాడకూడదు. దాన్ని ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా, అంటే బయటి దేశంలో ఉండేవాళ్లు ఇక్కడ పెట్టుకునే ఖాతాగా, మార్పించుకోవాలి, ఇది విదేశీ మారకం మీద ఉన్న ఫెమా చట్టం చెప్పేదే. అక్కడ సంపాదించి పంపేదానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరుచుకోవచ్చు. మాలో చాలామందికి ఇది తెలియదు, తెలిసినా బ్యాంకు చుట్టూ తిరగాలని వదిలేస్తారు. కానీ ఈ ఖాతాలకు చాలా బ్యాంకులు బయటి దేశపు నంబరునే నమోదు చేస్తాయి. అంటే మీ ఖతర్ నంబరుకే, మీ ఒమన్ నంబరుకే మెసేజ్ వస్తుంది. 2023 జనవరిలో యూపీఐని కూడా పది దేశాల నంబర్లకు తెరిచారు. సౌదీ, ఎమిరేట్స్, ఖతర్, ఒమన్ అందులో ఉన్నాయి. ఆ మొదటి జాబితాలో కువైట్, బహ్రెయిన్ లేవు. యూపీఐలో మీ పిన్ మీరే కొట్టుకుంటారు. అర్ధరాత్రి ఊర్లో ఎవరినీ లేపే పనిలేదు.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో చదువుకునే పిల్లల తల్లిదండ్రులు హన్మకొండలో చాలామంది ఉన్నారు. వాళ్లదీ ఇదే కథ. అమెరికా పగలు ఇక్కడి రాత్రి కాబట్టి, దిండు కింద పిల్లల ఫోను పెట్టుకుని పడుకునే తండ్రులను నేను చూశాను.

కొందరు ఊర్లోని ఫోన్లో ఒక యాప్ వేసి, వచ్చిన ప్రతి మెసేజ్ తమకు చేరేలా చేసుకుంటున్నారు. దయచేసి అది చేయకండి. మన మెసేజులన్నీ చదివే హక్కు ముక్కూ మొహం తెలియని యాప్‌కు ఇచ్చినట్టే. మోసగాళ్లు చేస్తున్నదీ అదే. వాట్సాప్‌లో ట్రాఫిక్ చలాన్ అనో, పెండ్లి పత్రిక అనో ఫోన్లో యాప్ వేసే ఒక ఏపీకే ఫైలు పంపుతారు. అది నొక్కి ఫోన్లో వేసుకుంటే, అడగకుండానే ఓటీపీలు వాళ్లకు పోతాయి.

ఈ మెసేజ్ పద్ధతి కూడా మారుతున్నది. మెసేజ్ ఓటీపీ ఒక్కటే కాకుండా వేరే పద్ధతులు కూడా వాడుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబరులో కొత్త నియమాలిచ్చింది, అవి 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఎమిరేట్స్‌లో బ్యాంకులు 2025 జూలై నుంచే మెసేజ్ ఓటీపీని తగ్గించి, తమ యాప్‌లోనే ఒప్పుకోలు అడుగుతున్నాయి. యాప్ మీ చేతిలోని ఫోన్లో ఉంటుంది కాబట్టి మనలాంటి వాళ్లకు ఇది మేలు. అయితే ఆ యాప్‌ను మొదటిసారి తెరవడానికి చాలా బ్యాంకులు ఆ పాత నంబరు నుంచే మెసేజ్ పంపమంటాయి. అందుకే యాప్ పనులన్నీ ఊర్లో ఉండగానే చేసుకుని ఎక్కండి.

మా తమ్ముడు నిరుడు మస్కట్ పోయాడు. పోయేముందు పదిహేను రోజులు నేనే వెంటపడి బ్యాంకుకు రెండుసార్లు తోలుకపోయాను. సిమ్ అతని పేరు మీదికి మార్పించాను, రోమింగ్ ఆన్ చేయించాను. కార్డు అతని జేబులోనే ఉంది. రీచార్జ్ తేదీ మా ఇంట్లో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసుకున్నాం, వేసేది నేను. ఇంటి ఖర్చుకు అవ్వ పేరు మీదే వేరే ఖాతా తెరిపించాం, తమ్ముడు నెలనెలా అందులో వేస్తాడు. అందులో ఎప్పుడూ ఒక నెల ఖర్చుకు మించి ఉండదు.

మొన్న అవ్వ వాకిట్లో కూచుని చిక్కుడుకాయ గిల్లుతుంటే ఫోను వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. అవతలివాడు తమ్ముని పేరు చెప్పి ఏదో అంటున్నాడు. ఆమె ఓపికగా మొత్తం విన్నది. ‘ఆ నంబరు నా దగ్గర లేదు బిడ్డా, మా చిన్నోని దగ్గరున్నది, వానికే చెయ్యి’ అన్నది. ఫోను పక్కన పెట్టి, చిక్కుడుకాయల గంప దగ్గరికి జరుపుకున్నది.