సుబ్బమ్మ సుబమ ఎందుకైంది?

అక్క: నమస్కారం. పోయినసారి చెప్పినట్టే మావాణ్ని మైకు ముందు కూర్చోబెట్టాను. డిగ్రీ రెండో సంవత్సరం. మధిరలో మా నాన్న కిరాణా కొట్టు ఖాతా పుస్తకాన్ని ఆండ్రాయిడ్ యాప్‌గా చేసి ఫోన్‌లోకి ఎక్కిస్తానని బయల్దేరాడు. ఎంతవరకు వచ్చిందిరా?

తమ్ముడు: మొదటి లైను రాసేసరికి పదకొండు రోజులు పట్టిందక్కా.

అక్క: మొదటిసారి అందరికీ అంతే. కోడ్ రాయడం ఒక ఎత్తు, దానికి కంప్యూటర్‌ని సిద్ధం చేసుకోవడం ఇంకో ఎత్తు. అయినా కొనేముందు నాకొక్క ఫోన్ కొట్టలేదు చూడు!

తమ్ముడు: సెకండ్ హ్యాండ్‌లో దొరికిందని తొందరపడ్డా. ఏఎండీ రైజెన్ 5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, ఒక గ్రాఫిక్స్ కార్డు. క్యాబినెట్‌లో మూడు ఫ్యాన్లు, రంగురంగుల లైట్లు.

అక్క: వినాయక చవితి పందిరే అనుకున్నాను ఫొటో చూసి. ఆ లైట్లకీ కార్డుకీ పెట్టిన డబ్బు ర్యామ్ మీద, హార్డ్ డిస్క్ కన్నా వేగంగా చదివే ఎస్‌ఎస్‌డీ మీద పెట్టాల్సింది. యాప్‌లు రాసుకునే ఆండ్రాయిడ్ స్టూడియో ఒక్కటే అయితే కనీసం 8 జీబీ ర్యామ్, కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి ఫోన్ చూపించే ఎమ్యులేటర్ కూడా నడపాలంటే 16 అని గూగుల్ వాళ్లే రాసి పెట్టారు. నీకేమో పక్కన క్రోమ్‌లో ఇరవై ట్యాబ్‌లు!

తమ్ముడు: స్టూడియో తెరిచి, అన్నం తిని వచ్చేవాణ్ని. అప్పటికీ కింద గ్రేడిల్ సింక్ అని తిరుగుతూనే ఉండేది.

అక్క: మొదటిసారి తిరగడం నెట్ వల్ల. మన కోడ్‌నీ, దానికి కావాల్సిన లైబ్రరీలనీ కలిపి యాప్‌గా కట్టేది గ్రేడిలే. వంటకు ముందు సరుకులు తెచ్చుకున్నట్టు అన్నీ ఒకసారి దించుకుని డిస్క్‌లో దాచుకుంటుంది. ఆ తర్వాత కూడా నత్తలా నడిచిందంటే మాత్రం హార్డ్ డిస్కే కారణం. వేలకొద్దీ చిన్న ఫైళ్లు చదవాలంటే దానికి ప్రాణం మీదికొస్తుంది.

తమ్ముడు: నాది ఫోన్ హాట్‌స్పాట్, రోజుకు 2 జీబీ. స్టూడియో డౌన్‌లోడే 1 జీబీ దాటింది. ఎమ్యులేటర్‌లో నడిచే ఆండ్రాయిడ్, అదే సిస్టమ్ ఇమేజ్, ఇంకో జీబీ పైనే. డేటా మళ్లీ ఎప్పుడు వస్తుందా అని అర్ధరాత్రి పన్నెండు దాకా కూర్చున్నా.

అక్క: సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి, వీడి బోర్డుకు పట్టే ర్యామ్ రకం డీడీఆర్4 అని చూసుకుని, ఇంకో 8 జీబీ, ఒక ఎస్‌ఎస్‌డీ కొని పంపాను. లైట్లు మాత్రం అలాగే ఉంచాడు. సరే, జావా గొడవ చెప్పు.

తమ్ముడు: ఒక వీడియోలో ముందు జేడీకే, అంటే జావా కిట్, వేసుకోండి, తర్వాత అది ఎక్కడుందో చెప్పే జావా హోమ్ సెట్ చేయండి అన్నారు. ఇంకోదాంట్లో స్టూడియో బదులు ఎక్లిప్స్ అన్నారు.

అక్క: ఎక్లిప్స్ మా కాలం నాటిదిరా! 2013లో ఆండ్రాయిడ్ స్టూడియోను ప్రకటించారు, 2014 డిసెంబర్‌లో 1.0 వచ్చింది, ఆ తర్వాత ఎక్లిప్స్ మూలన పడింది. ఇప్పుడు జావా స్టూడియో లోపలే ఉంటుంది, విడిగా వేయక్కర్లేదు. వీడియో ఏ సంవత్సరానిదో చూడకుండా ఏదీ ఇన్‌స్టాల్ చేయకు.

తమ్ముడు: హాక్సమ్ కూడా వేయమన్నారు.

అక్క: ఎమ్యులేటర్ వేగంగా నడవడానికి ఇంటెల్ వాళ్లిచ్చింది అది. 2023లో వాళ్లే ఆపేశారు. అయినా నీది ఏఎండీ కదరా, ఇంటెల్ మందు ఎందుకు పనిచేస్తుంది?

తమ్ముడు: నాకేం తెలుసక్కా. ఎమ్యులేటర్ మాత్రం తెరుచుకోలేదు.

అక్క: టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, అందులో సీపీయూ. అక్కడ వర్చువలైజేషన్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, కంప్యూటర్ లోపల ఇంకోటి నడపనిచ్చేది అదే. డిసేబుల్డ్ అని చూపిస్తే విండోస్‌లో ఎన్ని కుస్తీలు పట్టినా లాభం లేదు. కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీటో ఎఫ్2నో నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందే వచ్చే సెట్టింగ్స్‌లోకి, వెళ్లాలి. అదే వర్చువలైజేషన్ ఏఎండీ బోర్డుల్లో ఎస్‌వీఎం మోడ్ అని ఉంటుంది, ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్. ఆన్ చేసి సేవ్ చేయాలి. తర్వాత విండోస్ ఫీచర్లలో హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్‌కు టిక్ పెట్టాలి.

తమ్ముడు: ఇంకోటి మర్చిపోయావ్. విండోస్‌లో నా పేరు తెలుగులో పెట్టుకున్నా కదా, యాప్ కట్టే సామాన్లుండే ఎస్‌డీకే ఫోల్డర్ దారిలో ఇంగ్లిష్ కాని అక్షరాలున్నాయని స్టూడియో పేచీ పెట్టింది.

అక్క: నీ తెలుగు అభిమానానికి నేనేమీ అనను. ఎస్‌డీకేని మాత్రం డీ డ్రైవ్‌లో ఇంగ్లిష్ పేరున్న ఫోల్డర్‌లో పెట్టుకో. పేరు మధ్యలో ఖాళీలు కూడా వద్దు. అసలు నన్నడిగితే మొదట్లో ఎమ్యులేటర్ జోలికే పోవద్దు. చేతిలో ఫోన్ ఉంది కదా.

తమ్ముడు: ఆ ఫోన్‌తోనే రెండు సాయంత్రాలు పోయాయి! సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు కొట్టా, డెవలపర్ ఆప్షన్స్ వచ్చాయి. కంప్యూటర్ నుంచి యాప్‌ని ఫోన్‌లోకి పంపనిచ్చే యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేశా. కేబుల్ పెట్టా. ఫోన్ చార్జ్ అవుతోంది కానీ స్టూడియోకు కనపడదు.

అక్క: కేబుల్ పెట్టగానే విండోస్ నుంచి టింగ్ అని చప్పుడు వచ్చిందా?

తమ్ముడు: లేదు.

అక్క: అక్కడే పట్టుకోవాల్సింది. మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి, రెండు కరెంటుకి, రెండు డేటాకి. చౌక కేబుళ్లు కొన్నింటిలో డేటా తీగలు ఉండనే ఉండవు. నువ్వేమో ఫోన్‌ని విండోస్‌కు పరిచయం చేసే డ్రైవర్ తప్పనుకుని విండోస్ మళ్లీ వేశావ్.

తమ్ముడు: ఆ మాట అమ్మకు చెప్పకు. కేబుల్ మార్చాక ఆదేశాలు కొట్టే టెర్మినల్‌లో, తగిలించిన ఫోన్లు చూపించే ఏడీబీ డివైసెస్ కొడితే, అన్‌ఆథరైజ్డ్ అని వచ్చింది.

అక్క: అది శుభవార్తే. జాబితా ఖాళీగా ఉంటే కేబులో డ్రైవరో చూడాలి. అన్‌ఆథరైజ్డ్ అంటే ఫోన్ కనపడింది, నీ అనుమతి కోసం చూస్తోందని. ఈ కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ డీబగ్గింగ్‌ను అనుమతిస్తారా అని ఫోన్ స్క్రీన్ మీదే అడుగుతుంది. నువ్వేమో మానిటర్ చూస్తూ కూర్చున్నావ్. ఫోన్‌లో ఆండ్రాయిడ్ 11 గానీ ఆపైది గానీ ఉంటే వైఫై మీదే జత చేసుకోవచ్చు, కేబుల్ బాధే ఉండదు.

తమ్ముడు: ఐఫోన్‌కు చేయాలంటే?

అక్క: ఆపిల్ వాళ్ల ఎక్స్‌కోడ్ కావాలి, అది మ్యాక్‌లోనే నడుస్తుంది. ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లకూ చేసే ఫ్లటర్‌లో రాసినా సరే, చివర్లో మ్యాక్ తప్పదు. కొట్టుకొచ్చేవాళ్లలో ఐఫోన్ ఎవరికుందని? దాన్ని వదిలెయ్. నిన్న పంపిన స్క్రీన్‌షాట్ సంగతి చెప్పు.

తమ్ముడు: ఖాతాదారుల జాబితా వచ్చింది. కానీ సుబ్బమ్మ అని టైప్ చేస్తే సుబమ అని కనపడుతోంది. వెంకన్నేమో వెంకన అయ్యాడు. ఫాంట్ పాడైందనుకున్నా.

అక్క: ఫాంట్ బాగానే ఉంది. పేరుండే వరసకి హైట్ 20 డీపీ (స్క్రీన్ మీద కొలత) అని బిగించావ్. ఇంగ్లిష్ అక్షరాలకు ఆ ఎత్తు సరిపోయింది. మన ఒత్తులు కిందికి దిగుతాయి కదా, గీత దాటిన ముక్క కనపడకుండా పోయింది. ఎత్తు నువ్వు చెప్పకు, అక్షరాలనే తేల్చుకోనివ్వు.

తమ్ముడు: ఆ నంబర్ తీసేశాక సుబ్బమ్మ వచ్చేసింది. పక్కనే బాకీ 340 రూపాయలు. నాన్నకు చూపించా.

అక్క: ఏమన్నాడు?

తమ్ముడు: ఆమె మొన్ననే తీర్చేసిందిరా, కొట్టెయ్ అన్నాడు. కొట్టేసే బటన్ ఇంకా పెట్టలేదక్కా.