నాలుగుసార్లు కూర్చుని మాట్లాడితే

అందరికీ నమస్కారం. కడుపులో మంట అనో, నిద్ర పట్టడం లేదనో, బండి మీంచి పడ్డాననో మన ఓపీకి వచ్చేవాళ్లలో ఎంతమంది బాధకు అసలు కారణం తాగుడో మీకు నేను చెప్పక్కర్లేదు. మాత్రలు రాసిచ్చి, "తాగుడు మానెయ్యవయ్యా" అంటాం. ఆయన తలూపి వెళ్లిపోతాడు.

గోవాలో సంగత్ అనే స్వచ్ఛంద సంస్థ ఇంకో దారి పట్టింది. పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన మగవాళ్లను తాగుడు ఏ స్థాయిలో ఉందో తేల్చే 'ఆడిట్' అనే పది ప్రశ్నలు అడిగి, 12 నుంచి 19 మార్కులు వచ్చిన 377 మందిని ఎంచుకుంది. తాగుడు వీళ్లకు చెరుపు చేస్తోంది, కానీ అది లేకపోతే గడవని స్థితికి ఇంకా రాలేదు. అందరికీ డాక్టరు వైద్యం ఉంది. సగం మందికి అదనంగా కౌన్సెలింగ్. అది చేసింది సైకియాట్రిస్టులు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. ఎక్కువలో ఎక్కువ నాలుగుసార్లు, ప్రతిసారీ అరగంట, ముప్పావు గంట.

మూడు నెలల తర్వాత అడిగితే, అంతకుముందు రెండు వారాల్లో చుక్క ముట్టనివాళ్లు కౌన్సెలింగ్ అందినవాళ్లలో 42 శాతం, అందనివాళ్లలో 18 శాతం. ఇది 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఏడాది తర్వాత కూడా తేడా నిలిచింది. అయితే భార్యలపై హింస మాత్రం తగ్గినట్టు కనబడలేదు. అందుకే దెబ్బలు తినే ఆడమనిషికి "ఆయన మానేస్తే అంతా సర్దుకుంటుందమ్మా" అని మాటివ్వకండి. ఆమెకు వేరే అండ కావాలి.

ఇంతకీ ఆ అరగంటలో ఏం మాట్లాడతారు? నీతులు చెప్పరు. "అన్నా, మందు వల్ల మీకు బాగుండేదేంటి? ఇబ్బంది ఏంటి?" అని అడిగి, ఆగుతారు. "ఒళ్లునొప్పులు తెలియవు సార్. కానీ కూలి డబ్బులు ఇంటికి చేరవు" అని ఆయనే అంటాడు. అప్పుడు "అయితే ఏం చేద్దామనుకుంటున్నారు?" అనాలి. ఆ జవాబు మన నోటి నుంచి రాకూడదు. జీతం రోజు ఏ దారిన ఇంటికెళ్లాలి, ఫ్రెండు గ్లాసు చేతికిస్తే ఏమనాలి, మళ్లీ తాగితే ఏం చేయాలి, అన్నీ ఆయనతోనే తేల్చుకోవాలి.

ఒక్క జాగ్రత్త. పొద్దున్నే చేతులు వణికి, చెమటలు పట్టి, చుక్క పడితే గానీ కుదుటపడనివాళ్లను ఉన్నపళంగా మానమనకండి. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. వాళ్లను వెంటనే పెద్దాసుపత్రికి పంపండి. మిగతావాళ్లకు తలుపు వేసి ఉన్న ఒక గది, రెండు కుర్చీలు ఏర్పాటు చేయండి. నలుగురి ముందు ఎవరూ నోరు విప్పరు.