మనకెందుకులే అనుకున్నవన్నీ మన పే స్లిప్‌లోనే ఉన్నాయి

(బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, ఆదివారం పొద్దున తెలుగువాళ్ళం కలిసినప్పుడు మాట్లాడింది. రికార్డింగ్ విని టైప్ చేశా, అక్కడక్కడ సర్దా.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వినిపిస్తోందా? సరే. సెక్రటరీ గారు నన్ను ఏఐ మీద మాట్లాడమన్నారు, మన ఉద్యోగాలు ఉంటాయా ఊడతాయా అని. అది తెలిసినోడెవడూ ఇలా ఆదివారం పొద్దున ప్లాస్టిక్ కుర్చీల ముందు నిలబడడండీ, వాడి పని వేరే ఉంటుంది. అందుకని నాకు తెలిసింది చెప్తా. మాది ఒంగోలు పక్కన పల్లెటూరు, మారతహళ్ళిలో పీజీ రూమ్‌తో మొదలెట్టి 17 ఏళ్ళుగా కోడ్ రాస్తున్నా. ఈ 17 ఏళ్ళలో నేను ఎక్కువసార్లు అన్న మాట 'మనకెందుకులే'. బడ్జెట్ వస్తే స్లాబ్ ఒక్కటి చూసుకుని టీవీ కట్టేయడం, కోర్టు తీర్పంటే లాయర్ల గోల, ఎవడో ఎవడి మీదో ఆంక్షలు పెడితే అది పేపర్లో లోపలి పేజీ. ఆ మనకెందుకులే నాకు ఎంత పడిందో ఇవాళ లెక్క చెప్తా, రూపాయల్లోనే.

2021లో నేనొక స్టార్టప్‌లో ఉన్నా, పేరొద్దు. జాయిన్ అయ్యేటప్పుడు ఈసాప్‌లు ఇచ్చారు, అంటే కంపెనీ షేర్లు ముందే కట్టిన ధరకి కొనుక్కునే హక్కు, 4,000 షేర్లు, ఒక్కోటి 10 రూపాయలకి కొనుక్కోవచ్చు. తర్వాత వాల్యుయేషన్ పెరిగి షేరు 300 అన్నారు, ఇంకేముంది, ఇల్లు కొనేసినట్టే అనుకుని 40,000 కట్టి షేర్లన్నీ కొనేశా, దాన్నే ఎక్సర్‌సైజ్ అంటారు. నెలాఖరుకి జీతం మెసేజ్ చూస్తే ఆ నెల ఈఎంఐకి కూడా చాలదు. పేరోల్ ఆవిడకి ఫోన్ చేస్తే ఆవిడ చాలా ఓపిగ్గా చెప్పింది, సార్ 300లో 10 తీసేస్తే 290, ఇంటూ 4,000 అంటే 11 లక్షల 60 వేలు, అది మీ జీతం కిందే లెక్క, 30 శాతం, పైన సెస్సు కలిపితే 3,61,920 టాక్స్, దాన్ని మీ జీతంలోంచి కోస్తున్నాం అని. నేను ఒక్క షేరు అమ్మలేదండీ, అమ్ముదామన్నా కొనేవాడు లేడు, అది లిస్టెడ్ కంపెనీ కాదు. రెండు నెలలు మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి నడిపాం. రెండేళ్ళకి కంపెనీ మూతపడింది. పోనీ ఆ నష్టాన్ని జీతంలోంచి కొట్టేసుకుందామా అంటే కుదరదు, క్యాపిటల్ లాస్‌ని క్యాపిటల్ గెయిన్‌లోంచే తీసుకోవాలి, నాకు గెయిన్ ఏడుంది.

చట్టం అన్యాయమా అంటే నా అభిప్రాయం సగం సగం. లిస్టెడ్ కంపెనీ షేరైతే అది డబ్బే, టాక్స్ వేయాల్సిందే, కూలి పనికెళ్ళేవాడు కొనే సబ్బు మీద జీఎస్టీ కడుతుంటే మనకి షేర్లొస్తే కట్టొద్దా. కానీ కొనేవాడే లేని కాగితానికి ధర కట్టి, దానిమీద నోటు కట్టలు అడగడం మాత్రం తప్పు. ఇది సర్కారుకీ తెలుసు, 2020 బడ్జెట్లో ఆ టాక్స్‌ని వాయిదా వేసుకునే వెసులుబాటు ఇచ్చారు, కాకపోతే టాక్స్ మినహాయింపు కోసం విడిగా ఇంకో సర్టిఫికెట్ తెచ్చుకున్న స్టార్టప్‌లకే. మా కంపెనీకి అది లేదు. ఉందా అని నేను జాయిన్ అయ్యేటప్పుడు అడగలేదు. నోటీస్ పీరియడ్ గురించి అడిగా, ఫుడ్ కూపన్ల గురించి అడిగా, ఇది అడగలేదు.

పే స్లిప్‌లోనే ఇంకో తమాషా. ఇన్‌కమ్ టాక్స్ పాత రెజీమ్‌లో ఇంటద్దె మినహాయింపుకి ఏళ్ళ తరబడి మెట్రో అంటే ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, అంతే. అక్కడ బేసిక్‌లో 50 శాతం, బెంగళూరులో 40 ఉండేది. ఇక్కడి అద్దెలు, పది నెలల అడ్వాన్సులు చూసినోడెవడైనా బెంగళూరు మెట్రో కాదంటాడా? ఆ రూల్స్ 1962 నాటివి. దాని పక్క లైన్లో ప్రొఫెషనల్ టాక్స్ 200 ఉంటుంది చూడండి, దానికి ఏడాదికి 2,500 మించకూడదని రాజ్యాంగంలోనే గీత గీశారు, 1988లో సవరించాక మళ్ళీ ముట్టుకోలేదు. మనం మూడేళ్ళ నాటి కోడ్‌ని లెగసీ అని ఏడుస్తాం.

సరే, అమెరికా. దీని గురించి కాస్త ఎక్కువ మాట్లాడతా, ఎందుకంటే ఈ హాల్లో సగం మందికి జీతం అటునుంచే వస్తుంది. 2017 డిసెంబర్లో అక్కడ ఒక టాక్స్ చట్టం పాసైంది, కంపెనీల టాక్స్ 35 శాతం నుంచి 21కి దించారు. అంత దించితే ఖజానాకి గండి కదా, ఆ గండిని లెక్కల్లో కొంత పూడ్చడానికి సెక్షన్ 174లో ఒక మార్పు రాసి, అది 2022 నుంచి అమల్లోకి వచ్చేట్టు పెట్టారు. మన భాషలో నాలుగేళ్ళ తర్వాతకి పెట్టిన క్రాన్ జాబ్, ముందే టైము పెడితే దానంతటదే నడిచే ప్రోగ్రామ్. ఈలోగా ఎవరో ఒకరు తీసేస్తారులే అనుకున్నారంతా, ఎవరూ తీయలేదు, అది టైముకి రన్ అయింది. అందులో ఏముందంటే, సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ మీద పెట్టిన ఖర్చుని ఆ ఏడే లెక్కలోంచి తీసేసుకోకూడదు, అమెరికాలో రాయిస్తే 5 ఏళ్ళకి, బయట రాయిస్తే 15 ఏళ్ళకి పంచాలి.

ఇప్పుడు చూడండి. అక్కడొక చిన్న కంపెనీ, ఏడాదికి వంద డాలర్లు వచ్చాయి, ఆ వందా బెంగళూరు డెవలపర్ల జీతాలకి పోయాయి. చేతిలో మిగిలింది సున్నా. కానీ చట్టం ప్రకారం మొదటేడు సగం ఏడాదే లెక్క కాబట్టి ఖర్చు కింద ఒప్పుకునేది 3 డాలర్ల 33 సెంట్లు. మిగతా 96 చిల్లర లాభమట, దానిమీద 21 శాతం, అంటే 20 డాలర్ల టాక్స్. రాని డబ్బు మీద టాక్స్! నా ఈసాప్ కథే ఇది, సైజు పెద్దది అంతే. 2025 జులైలో కొత్త చట్టం తెచ్చి వాళ్ళ దేశంలో రాయించే కోడ్‌కి ఈ బాధ తీసేశారు. బయట రాయించేదానికి 15 ఏళ్ళు అలాగే ఉంచారు. మన సాఫ్ట్‌వేర్ మీద టారిఫ్ వేయలేదని సంబరపడ్డాం గానీ ఇది టారిఫ్ కాక మరేంటి? లేఆఫ్‌లన్నీ దీనివల్లే అని నేననను, వడ్డీ రేట్లున్నాయి, కోవిడ్‌లో ఎడాపెడా తీసుకున్న జనం ఉన్నారు. కానీ టౌన్‌హాల్ మీటింగుల్లో బాసులు చెప్పే కారణాల్లో ఈ సెక్షన్ పేరు నేను ఒక్కసారి కూడా వినలేదు.

టారిఫ్ అంటే గుర్తొచ్చింది. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద 50 శాతం వేసినప్పుడు మా నాన్న ఫోన్ చేశాడు, "ఒరే, ట్రంపు ఏందో పన్నులేశాడంట, నీ ఉద్యోగానికేం గాదుగా" అని. నేను చాలా ధీమాగా, లేదు నాన్నా అవి సరుకులకి, సాఫ్ట్‌వేర్‌కి కాదు, మనకేం కాదు అన్నా. నాన్న ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత, "మనకేం కాదంటావేందిరా, మీ బాబాయి రొయ్యల చెరువుల సంగతేంది?" అన్నాడు. ఆ రోజు ఫోన్ పెట్టేశాక లాప్‌టాప్ తెరవబుద్ధి కాలేదండీ.

అమెరికాలో పని చేయడానికిచ్చే హెచ్-1బీ వీసా సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం, లక్ష డాలర్ల ఫీజు అన్నారు, అప్పటి రేటుకి 88 లక్షలు. మా బావమరిది వాళ్ళమ్మ కంటి ఆపరేషన్‌కి వచ్చి ఉన్నాడు, కంపెనీ లాయర్ల దగ్గర్నుంచి మెయిల్, ఆదివారం లోపు అమెరికాలో దిగిపో అని. టికెట్ మూడింతల రేటు పెట్టి కొన్నాడు, ఆవిడ కంటికి కట్టు ఇంకా విప్పలేదు. ఇతను విమానంలో ఉండగానే, ఇది కొత్త అప్లికేషన్లకే, ఉన్నవాళ్ళకి కాదు అని చెప్పారు. మనం కోడ్‌ని ఇలా టెస్టింగ్ లేకుండా శుక్రవారం సాయంత్రం జనం వాడే ప్రొడక్షన్‌కి పంపితే మనల్ని ఉద్యోగంలోంచి తీసేస్తారు.

విదేశాంగ విధానం అంటే పెద్దోళ్ళ షేక్‌హ్యాండ్లు అనుకునేవాణ్ణి నేను. గుజరాత్‌లో వాడినార్ రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీ కథ చూశాక మారింది. దాంట్లో రష్యా ఆయిల్ కంపెనీ రోస్‌నెఫ్ట్ వాటా 49 శాతం పైన. 2025 జులై 18న యూరోపియన్ యూనియన్ దానిమీద ఆంక్షలు పెట్టింది. నాలుగైదు రోజుల్లో అవుట్‌లుక్ లేదు, టీమ్స్ లేదు, మైక్రోసాఫ్ట్ ఆపేసింది. గమనించండి, కంపెనీ మన దేశంలో రిజిస్టరైంది, ఉద్యోగులు మనవాళ్ళు, లైసెన్సుకి డబ్బులు కట్టారు, మన చట్టం ఆపమనలేదు, అమెరికా చట్టమూ ఆపమనలేదు. వాళ్ళు మెయిల్స్‌కి రెడిఫ్‌కి మారి, ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళారు, కొద్దిరోజుల్లో మళ్ళీ ఇచ్చారు. ఇచ్చారు గానీ, స్విచ్ ఎక్కడుందో అందరికీ తెలిసిపోయింది కదా.

వెంటనే స్వదేశీ యాప్ వాడేద్దాం అంటారు, వాడండి, నాకేం అభ్యంతరం లేదు, కానీ స్విచ్ మైక్రోసాఫ్ట్ ఉండే రెడ్‌మండ్‌లో ఉన్నా చెన్నైలో ఉన్నా అది మీ చేతిలో లేనట్టే. నేనైతే వేరేది అడుగుతా, రేపు పొద్దున అకౌంట్ పోతే నీ మెయిల్స్ కాపీ నీ దగ్గరుందా, అవి ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటాయా, డొమైన్ నీ పేరు మీదుందా కన్సల్టెంట్ పేరు మీదుందా. ఓపెన్ సోర్స్‌కి, అంటే ఎవరైనా చూసి మార్చుకోగలిగే కోడ్‌కి, సరిహద్దులు లేవని నేను కాలేజీల్లో ఉపన్యాసాలు ఇచ్చిన మనిషిని, అలాంటిది 2024 అక్టోబర్లో లైనక్స్ కెర్నెల్ కోడ్‌ని చూసుకునే మెయింటెయినర్ల లిస్టులోంచి డజను దాకా రష్యన్ పేర్లు తీసేశారు, ఆంక్షలే కారణం. కోడ్‌ని ఎవరూ ఆపలేరు నిజమే, కోడ్ రాసేవాడికి మాత్రం ఒక పాస్‌పోర్ట్ ఉంటుంది.

ఇక చట్టం. ఇక్కడే బెంగళూరులో ఒక పెద్దాయన ఉండేవారు, జస్టిస్ పుట్టస్వామి, కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి. 86 ఏళ్ళ వయసులో, 2012లో, ఆధార్ మీద సుప్రీం కోర్టుకి వెళ్ళారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఒక్క మాటగా ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు. అప్పుడు ఈ ఊళ్ళో లక్షలమంది ఇంజనీర్లం ఏం చేస్తున్నాం? సైన్అప్ ఫామ్‌లో పుట్టినతేదీ కంపల్సరీ పెడుతున్నాం. నేనూ పెట్టా, ఎందుకు సార్ అని ప్రొడక్ట్ మేనేజర్ని అడగలా. 2023లో డేటా చట్టం వచ్చింది, తప్పు చేస్తే 250 కోట్ల దాకా పెనాల్టీ, బాగానే ఉంది, కానీ సర్కారు తన సంస్థలకి తానే మినహాయింపు ఇచ్చుకునే క్లాజు పెట్టుకుంది, అది నాకు నచ్చలేదు. మన దగ్గరికే రండి, కింద గేటు దగ్గర మా అమ్మని నిలబెట్టి, ఫోన్ నంబర్ అడిగి, టాబ్‌లో ఫోటో తీశారు, సొంత కొడుకు ఇంటికి రావడానికి. ఆ ఫోటో ఎన్నాళ్ళుంటుంది, ఎవరు చెరుపుతారు? సెక్రటరీ గారు నవ్వుతున్నారు, సమాధానం మాత్రం చెప్పట్లేదు.

చట్టం మారినా కింద మారదు, అది ఇంకో బాధ. ఐటీ చట్టంలో ఆన్‌లైన్ రాతలకి జైలు వేసే 66ఏ సెక్షన్ని 2015 మార్చిలో సుప్రీం కోర్టు కొట్టేసింది, ఆ తర్వాత కూడా స్టేషన్లలో దాని కింద కేసులు రాస్తూనే ఉన్నారు, 2021లో కోర్టే ఇదేంటని విస్తుపోయింది. కోడ్‌లోంచి ఫంక్షన్ డిలీట్ చేసినా, దాన్ని పిలిచే లైన్లు పిలుస్తూనే ఉన్నట్టు.

చివరగా మన మెయిన్ రోడ్డు మీద కాండిమెంట్స్ షాపు. అందరూ తాగుతారు అక్కడ టీ, ఓనరు కర్ణాటక కోస్తాలోని కుందాపుర ఆయన. 2025 జులైలో ఒకరోజు వెళ్తే క్యూఆర్ స్టిక్కర్ మీద నల్ల టేప్ అడ్డంగా వేసి ఉంది, సౌండ్ బాక్స్ వైరు పీకేసి బన్నుల సీసా వెనక పెట్టాడు, అట్టముక్క మీద యూపీఐ లేదు క్యాషే అని రాశాడు. ఆ నెలలో రాష్ట్ర కమర్షియల్ టాక్స్ వాళ్ళు యూపీఐ లెక్కలు తీసి చిన్న చిన్న షాపులకి జీఎస్టీ నోటీసులు పంపారు గుర్తుందా. సరుకులు మాత్రమే అమ్మితే ఏడాదికి 40 లక్షలు, సర్వీసైతే 20 లక్షలు దాటితే రిజిస్టర్ అవ్వాలి. 40 లక్షలంటే రోజుకి 11 వేలు, నాలుగు రోడ్ల కూడలిలో బన్ను, సిగరెట్ అమ్మేవాడికి అది పెద్ద అంకె కాదు, పైగా అది అమ్మకం, లాభం కాదు. ఈయనకి వచ్చిన మొత్తంలో చీటీ డబ్బులున్నాయి, చెల్లెలి పెళ్ళికి బంధువులు పంపినవి ఉన్నాయి, అన్నీ అమ్మకాల కిందే కలిసిపోయాయి. కొందరు పాలు, కూరగాయలమ్మేవాళ్ళకీ నోటీసులొచ్చాయి, వాటికి అసలు జీఎస్టీయే లేదు. గొడవయ్యాక ముఖ్యమంత్రి పాత బకాయిలు వసూలు చేయం అన్నారు.

టాక్స్ ఎగ్గొట్టాలని నేననట్లేదు. కానీ ఆ లిస్టు ఎలా వచ్చి ఉంటుందో నాకు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది, షాపు వారీగా మొత్తం కూడి, పరిమితి దాటినవి బయటికి తీయడం, రెండు లైన్ల క్వెరీ. మనలాంటోడే ఎవడో రాసుంటాడు, సాయంత్రం ఇలాంటి షాపులోనే టీ తాగి ఇంటికెళ్ళుంటాడు. చీటీ డబ్బుల సంగతేంటని వాణ్ణి ఎవరూ అడగలేదు, వాడూ అడగలేదు.

మొన్న వెళ్తే సౌండ్ బాక్స్ మళ్ళీ మోగుతోంది. వినాయకుడి పటం కింద కొత్త బోర్డు, 'కాంపోజిషన్ టాక్సబుల్ పర్సన్' అని. చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకాల మీద కొద్ది శాతం జీఎస్టీ కట్టేసే స్కీమ్ అది, దాంట్లో చేరినోళ్ళు అలా రాసి పెట్టాలని రూల్ ఉంది. అంటే ఏంటన్నా అని అడిగా. "నంగేను గొత్తు సార్ (నాకేం తెలుసు సార్), ఆడిటర్ పెట్టమన్నాడు పెట్టా" అని, నాకు టీ వంచాడు. అయిదు నిమిషాలు అక్కడే నిలబడి ఆ బోర్డు అర్థమేంటో ఆయనకి చెప్పా, చెప్తూ చెప్తూ ఒకచోట నాకే డౌటొచ్చి ఫోన్లో సెక్షన్ వెతికా.

ప్రశ్నలుంటే అడగండి, మైకు అటు వెనక్కి పంపుతా. ఆ నీలం చొక్కా అబ్బాయి చాలాసేపట్నుంచి చెయ్యెత్తే ఉన్నాడు, ఈసాప్‌ల గురించే అయ్యుంటుంది.