పోలీసు యూనియన్‌తో నగరం బేరం: ఆస్టిన్‌లో జీతానికీ జవాబుదారీతనానికీ పడిన ముడి

[తెరపై: ఆస్టిన్ నగర మండలి సభామందిరం. తేదీ: 2017 డిసెంబరు 13]

వ్యాఖ్యాత: అమెరికాలోని టెక్సస్ రాష్ట్రానికి రాజధాని ఆస్టిన్. 2017 డిసెంబరు 13న ఆ నగర మండలి ముందుకు, పోలీసు యూనియన్‌తో కుదిరిన అయిదేళ్ల ఒప్పందం ఆమోదానికి వచ్చింది. నగరం తరఫున బేరం నడిపిన అధికారులు దాన్ని సిఫారసు చేశారు, యూనియన్ సభ్యులు అప్పటికే ఓటింగు జరుపుకుని ఒప్పుకున్నారు, అయిదేళ్లకు కలిపి 8.25 కోట్ల డాలర్లు అవుతుందన్న లెక్క కూడా తేలింది. మండలి ఆమోదం తెలపడమే తరువాయి అనుకున్న దశలో, రాత్రి బాగా పొద్దుపోయేదాకా పౌరులు ఒకరి తరువాత ఒకరు వచ్చి అభ్యంతరాలు చెప్పారు. చివరికి సభ్యులు ఏకగ్రీవంగా ఆ ఒప్పందాన్ని తోసిపుచ్చి, మళ్లీ చర్చలకు కూర్చోమన్నారు.

ఆ రాత్రి వచ్చినవారిలో చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇంత సొమ్ము ఇస్తున్న నగరం, దానికి బదులుగా ఏం రాబట్టుకుంటోంది? పోలీసు యూనియన్లతో నగరాలు చేసుకునే ఒప్పందాలను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించదు. అందుకే ఈ వీడియోలో ఆస్టిన్ ఉదంతాన్ని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

[తెరపై: ఎదురెదురుగా రెండు బల్లలు. ఒకవైపు నగర అధికారులు, మరోవైపు యూనియన్ ప్రతినిధులు, వెనుక ప్రజలకు వేసిన కుర్చీలు]

టెక్సస్‌లో ప్రభుత్వ ఉద్యోగులు సమ్మె చేయడాన్ని చట్టం నిషేధిస్తుంది. యూనియన్‌తో సామూహిక ఒప్పందం చేసుకోవడానికి కూడా సాధారణంగా వీల్లేదు, కానీ పోలీసులకూ అగ్నిమాపక సిబ్బందికీ కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. ఆస్టిన్ పోలీసులు వాడుకునే పద్ధతిని అక్కడ 'మీట్ అండ్ కన్ఫర్' అంటారు. దీని కింద రెండు పక్షాలూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఒప్పందం కుదిరి, అటు యూనియన్ సభ్యులూ ఇటు నగర మండలీ ఆమోదిస్తే దానికి ఇద్దరూ కట్టుబడాలి. కుదరకపోతే మాత్రం ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేరు. అమెరికాలో పోలీసుల సమ్మె అంటే ఇంత భయం ఎందుకంటే, 1919లో బోస్టన్ నగరంలో 1,100 మందికి పైగా పోలీసులు ఒకేసారి విధులు వదిలి వెళ్లినప్పుడు దోపిడీలు, అల్లర్లు చెలరేగాయి, సమ్మెకు దిగినవారిలో ఎవరినీ తిరిగి ఉద్యోగంలోకి తీసుకోలేదు.

సమ్మె చేసే హక్కు లేని యూనియన్‌కు బేరంలో బలం ఎక్కడి నుంచి వస్తుంది? రాష్ట్ర చట్టం నుంచి వస్తుంది. ఈ ఒక్క విషయం పట్టుబడితే మిగతా కథంతా తేలికగా అర్థమవుతుంది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం.

[తెరపై: టెక్సస్ స్థానిక ప్రభుత్వ చట్టం, 143వ అధ్యాయం]

ఎన్నికల్లో గెలిచినవారు తమవాళ్లను పోలీసు ఉద్యోగాల్లో నింపి, గిట్టనివారిని తొలగించే అలవాటుకు అడ్డుకట్ట వేయడానికి 1947లో టెక్సస్ ఒక సివిల్ సర్వీసు చట్టం చేసింది. ఇప్పుడది 143వ అధ్యాయంగా అమలులో ఉంది. దాని ప్రకారం నియామకాలు, పదోన్నతులు ప్రధానంగా రాతపరీక్ష మార్కులు, సీనియారిటీ మీద జరగాలి. తప్పు చేసిన అధికారిని పోలీసు చీఫ్ సస్పెండ్ చేయగలిగేది 15 రోజులకు మించదు. అంతకంటే గట్టిగా శిక్షించాలంటే హోదా తగ్గింపుకో, ఉద్యోగం నుంచి తొలగింపుతో సమానమైన నిరవధిక సస్పెన్షన్‌కో వెళ్లాలి, దాని మీద ఆ అధికారి బయటి మధ్యవర్తి దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. నేరం కిందకు రాని తప్పు జరిగి 180 రోజులు దాటితే, ఇక ఆ తప్పుకు సస్పెండ్ చేయడం కుదరదు. అన్నిటికంటే ఎక్కువ వివాదం రేపింది మాత్రం 143.089 సెక్షన్‌లోని 'జీ' ఉపవిభాగం. శిక్ష దాకా వెళ్లని ఫిర్యాదులు, వాటి విచారణ కాగితాలు పోలీసు విభాగం దగ్గర విడిగా ఒక రహస్య ఫైలులో ఉండవచ్చని అది చెబుతుంది. దాన్నే ఆస్టిన్‌లో అందరూ జీ ఫైలు అంటారు.

ఈ రక్షణలను యూనియన్ బేరమాడి సంపాదించుకోలేదు, అవి చట్టం నుంచి వచ్చాయి. ఒప్పందం లేకపోయినా అవి ఎక్కడికీ పోవు. నగరానికి వాటిలో సడలింపు కావాలంటే యూనియన్ ఒప్పుకోవాలి, ఒప్పుకోవడానికి యూనియన్ అడిగే ధర జీతం. ఆస్టిన్‌లో పోలీసుల మీద పౌర పర్యవేక్షణ కూడా ఇలాగే పుట్టింది: 2001 ప్రాంతంలో ఏర్పడిన పోలీస్ మానిటర్ కార్యాలయానికి అంతర్గత విచారణ ఫైళ్లను చూసే అధికారం ఒప్పందం ద్వారానే దక్కింది. అంటే, ఒప్పందం గడువు తీరిన రోజున ఆ అధికారానికీ గడువు తీరేది. ఒక నగరం తన ఉద్యోగుల మీద తాను నిఘా పెట్టుకోవడానికి కొన్నేళ్లకోసారి డబ్బు చెల్లించాల్సి రావడం నాకైతే విడ్డూరంగానే తోస్తుంది. అయితే 1947లో ఆ చట్టం చేయడానికి కారణం కూడా నిజమైనదేనని మరచిపోకూడదు.

పోలీసులకూ ఒప్పందం అవసరమే. చట్టం ఉద్యోగ భద్రత ఇస్తుంది కానీ మంచి జీతానికి హామీ ఇవ్వదు. ఏటా పెంపుదల, ప్రత్యేక విధులకు అదనపు భత్యం, వాడుకోని సిక్ లీవుకు పదవీ విరమణ నాడు వచ్చే సొమ్ము వంటివి చాలావరకు ఒప్పందంలోనే ఉంటాయి. 2017లో మండలి తిరస్కరించగానే, ఈ లాభాలు చేజారుతాయన్న ఆందోళనతో కొందరు సీనియర్ అధికారులు ముందుగానే విరమణకు దరఖాస్తు పెట్టుకోవడం ఇందుకే.

[తెరపై: పోలీసు కారు కెమెరా దృశ్యం, ముఖాలు కనిపించకుండా]

అప్పటి కోపానికి ఒక నేపథ్యం ఉంది. 2015లో వేగంగా కారు నడిపిందన్న కారణంతో ఆపిన ఒక నల్లజాతి ఉపాధ్యాయురాలిని ఒక అధికారి కారులోంచి లాగి నేలకు పడవేశారు. ఆ వీడియో 2016లో బయటికి వచ్చేసరికి 180 రోజుల గడువు ఎప్పుడో దాటిపోయింది. పై అధికారులు అప్పటికే తేలికపాటి చర్యతో సరిపెట్టారు, చీఫ్ చేయగలిగింది ఏమీ మిగల్లేదు. చట్టం పుస్తకంలో పొడిగా కనిపించే ఒక అంకె అర్థం ఏమిటో ఆ వీడియో నగరం మొత్తానికీ చూపించింది. ఆస్టిన్ జస్టిస్ కోయలిషన్ వంటి సంఘాల సభ్యులు 2017లో బహిరంగంగా జరిగిన చర్చలకు వరుసగా హాజరై, ఏ నిబంధనకు ఎంత ధర పలుకుతోందో రాసుకుంటూ కూర్చున్నారు. ఆ డిసెంబరు రాత్రి మండలి ముందు పనికొచ్చింది ఆ రాతలే.

2018 నవంబరులో కొత్త ఒప్పందాన్ని మండలి ఆమోదించింది. నాలుగేళ్లకు ఖర్చు సుమారు 4.46 కోట్ల డాలర్లు. పాత ముసాయిదా అయిదేళ్లది కాబట్టి రెంటినీ నేరుగా పోల్చలేం కానీ, తేడా అయితే చిన్నది కాదు. కొన్ని రకాల ఆరోపణలకు 180 రోజుల లెక్క ఘటన జరిగిన నాటి నుంచి కాక, అది పై అధికారుల దృష్టికి వచ్చిన నాటి నుంచి మొదలయ్యేలా ఈ ఒప్పందం మార్చింది. పాత మానిటర్ స్థానంలో పోలీసు పర్యవేక్షణ కార్యాలయం ఏర్పడింది, దానికి పేరు చెప్పని ఫిర్యాదులను, అంటే మన భాషలో ఆకాశరామన్న ఉత్తరాలను కూడా తీసుకునే వీలు కలిగింది. తక్కువ డబ్బుకు ఎక్కువ పర్యవేక్షణ దొరికిందని సంస్కరణవాదులు సంతోషించారు.

ఆ సంతోషంలో కొంత తొందరపాటు ఉంది. ఒప్పందంలోని ప్రతి వాక్యానికీ రెండు అర్థాలు ఉంటాయి, అర్థం చెప్పేది మధ్యవర్తి. పర్యవేక్షణ కార్యాలయం ఫిర్యాదులను స్వయంగా విచారిస్తోందని, అది ఒప్పందంలో లేదని యూనియన్ ఫిర్యాదు చేయగా, 2021 చివర్లో మధ్యవర్తి యూనియన్ వైపే తీర్పు చెప్పాడు. ఆ మధ్యలోనే 2020 ఆగస్టులో నగర మండలి పోలీసు బడ్జెట్‌ను దాదాపు 15 కోట్ల డాలర్ల మేర తగ్గించాలని, ఎక్కువ భాగాన్ని ఇతర విభాగాలకు మళ్లించాలని తీర్మానించింది. మరుసటి ఏడాది రాష్ట్ర శాసనసభ, పోలీసు బడ్జెట్‌కు కోత పెట్టే పెద్ద నగరాలను శిక్షించే చట్టం చేసి ఆ దారి మూసేసింది. ఇలా బేరానికి కూర్చున్నది ఇద్దరే అయినా, రాష్ట్ర ప్రభుత్వం ఎప్పుడూ మూడో కుర్చీలో ఉంటుంది.

[తెరపై: 2023 మే 6 ఎన్నికల ఫలితాలు]

2023లో అసలు మలుపు వచ్చింది. పర్యవేక్షణ ఒప్పందానికి ముడిపడి ఉన్నంతకాలం ఇదే గొడవ పునరావృతమవుతుందని భావించిన ఈక్విటీ యాక్షన్ అనే సంఘం, సంతకాలు సేకరించి, పర్యవేక్షణను నగర చట్టంగానే చేయాలన్న ప్రతిపాదనను బ్యాలెట్ మీదికి తెచ్చింది. అదే సమయానికి నగర అధికారులకూ యూనియన్‌కూ మధ్య నాలుగేళ్ల ఒప్పందం సూత్రప్రాయంగా కుదిరింది. ఓటర్లు తీర్పు చెప్పేదాకా ఆగుదామని మండలి ఫిబ్రవరిలో ఒక్క ఏడాది పొడిగింపును మాత్రమే ప్రతిపాదించింది. కుదిరిన మాటను తప్పారని యూనియన్ దాన్ని తిరస్కరించింది. మార్చి 31తో పాత ఒప్పందం ముగిసిపోయింది. జీతాలు, సౌకర్యాలు తగ్గకుండా మండలి ఆర్డినెన్సు తెచ్చినా, సిబ్బంది కొరత తీవ్రంగా ఉండడంతో కొంతకాలం రాష్ట్ర పోలీసు దళాన్ని నగర వీధుల్లో గస్తీకి రప్పించుకోవలసి వచ్చింది.

మే 6న ఓటర్ల ముందు ఒకే రకం పేరుతో రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. పౌర సంఘం తెచ్చిన 'ఏ' ప్రతిపాదనకు సుమారు 70 శాతం మంది అవునన్నారు. పోలీసు యూనియన్ డబ్బు సాయం పొందిన బృందం తెచ్చిన, పర్యవేక్షణను పలుచన చేసే 'బీ' ప్రతిపాదనను సుమారు 80 శాతం మంది కాదన్నారు. ఓటింగు శాతం చాలా తక్కువే అయినా, పేర్ల గందరగోళంలో ఓటరు పడిపోలేదు.

అయినా జీ ఫైలు వెంటనే పోలేదు. రాష్ట్ర చట్టం దాన్ని అనుమతిస్తుండగా నగర చట్టం ఎలా రద్దు చేస్తుందన్న వాదన నడిచింది, పౌర సంఘం కోర్టుకు వెళ్లింది. రహస్య ఫైలు పెట్టుకోవచ్చని రాష్ట్ర చట్టం అంటోందే తప్ప పెట్టుకుని తీరాలని అనడం లేదన్నది ఆ సంఘం వాదన. 2024 ఆగస్టు చివర్లో, ఆస్టిన్ ఉన్న ట్రావిస్ కౌంటీ న్యాయమూర్తి ఆ ఫైలును వాడడం ఆపాలని నగరాన్ని ఆదేశించారు. అంతవరకూ డబ్బు పెట్టి కొనాల్సి వచ్చిన అంశం ఆ తీర్పుతో బేరం బల్ల మీద నుంచి చాలావరకు లేచిపోయింది. రెండు నెలలు తిరక్కుండానే, 2024 అక్టోబరు 24న, మండలి కొత్త అయిదేళ్ల ఒప్పందాన్ని 10-1 ఓట్లతో ఆమోదించింది: మొదటి ఏడాది 8 శాతం, మొత్తం మీద 28 శాతం జీతం పెంపు, ఖర్చు సుమారు 21.8 కోట్ల డాలర్లు, ఇకపై జీ ఫైలు లేదు.

[తెరపై: తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పటం]

మన దగ్గర ఇలాంటి బల్లే లేదు. రాజ్యాంగంలోని 33వ అధికరణం ఇచ్చిన అధికారంతో పార్లమెంటు చేసిన 1966 నాటి పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం ప్రకారం, అనుమతి లేకుండా పోలీసులు కార్మిక సంఘంలో చేరడానికి వీల్లేదు. గుర్తింపు పొందిన పోలీసు అధికారుల సంఘాలు ఉన్నాయి కానీ, అవి వినతిపత్రం ఇవ్వగలవు, జీతాన్ని ప్రభుత్వం వేసే వేతన సవరణ కమిషనే తేలుస్తుంది. ఆస్టిన్ మండలి ఓటు వేసిన అదే వారంలో తెలంగాణ ప్రత్యేక పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్లు పోలీసులందరికీ ఒకే వ్యవస్థ ఉండాలనే 'ఏక్ పోలీస్' విధానం కోరుతూ ఆందోళన చేయగా, 39 మంది సస్పెండ్ అయ్యారు, 10 మందిని ఉద్యోగం నుంచి తొలగించారు.

ఆస్టిన్ పరిసరాల్లో ఉంటూ ఈ వీడియో చూస్తున్న తెలుగువారికి ఒక మాట: రౌండ్ రాక్, సీడర్ పార్క్, లియాండర్ వేర్వేరు నగరాలు, వాటికి సొంత పోలీసు విభాగాలు ఉన్నాయి కాబట్టి ఈ ఒప్పందం వాటికి వర్తించదు. నగర పరిధిలో ఇల్లు ఉన్నవారు మాత్రం దీని భారాన్ని ఆస్తి పన్నులో చూస్తారు. 2019లో రాష్ట్రం చేసిన చట్టం వల్ల, పాత ఆస్తుల మీద వచ్చే పన్ను రాబడిని నగరం ఏటా 3.5 శాతానికి మించి పెంచుకోవాలంటే ఓటర్లను అడగాలి. 2025 నవంబరులో ఆస్టిన్ అలాగే అడిగింది, ఓటర్లు ఒప్పుకోలేదు. పోలీసుల జీతాల పెంపు మాత్రం ఒప్పందంలో రాసినట్టు ఏటా అమలవుతూనే ఉంటుంది, గ్రంథాలయాలు, పార్కులు, వైద్య సేవల బడ్జెట్లు మిగిలినదాంట్లో సర్దుకోవాలి. ఈ ఒప్పందం 2029లో ముగుస్తుంది.