ఉలి వీపు ముందు ఆనాలె

(నల్లగొండలో విశ్రాంత ఉపాధ్యాయుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, వెనక వరుసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మిత్రులకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలి గానీ, పేర్లతోనే నా టైం అయిపోతుంది. పది నిమిషాలు అన్నారు. 31 ఏళ్లు నలభై ఐదు నిమిషాల పీరియడ్లు చెప్పినవాణ్ణి పది నిమిషాల్లో ఆపమనడం అన్యాయమే. అయినా ప్రయత్నిస్తాను.

నాకిచ్చిన టాపిక్ ‘రిటైర్మెంట్ తర్వాత కాలక్షేపం’. ఆ మాట మీదే నాకు అభ్యంతరం ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. నేను నేర్చుకుంటున్నది లేత్ మీద కర్ర పని. తిరుగుతున్న కర్రకు ఉలి ఆనించి గుండ్రంగా తీయడం. నిఘంటువులో దీనికి ‘తరిమెన పట్టడం’ అని మాట ఉంది. మన దగ్గర ముసలివాళ్లు ఖరాదు అనేవారు. మీ అందరిళ్లలో నవారు మంచాలు ఉండేవి కదా? ఆ మంచం కోళ్ల మీద, అంటే కాళ్ల మీద, ఉంగరాలు, చిన్న చిన్న కుండల్లాంటి ఉబ్బులు ఉండేవి. అవన్నీ ఈ పనే. కరెంటు లేని రోజుల్లో ఒకరు తాడు ముందుకూ వెనక్కూ లాగితే కర్ర అటొకసారి ఇటొకసారి తిరిగేది. రెండో మనిషి ఉలి పట్టేవాడు. కర్ర తనవైపు తిరిగినప్పుడే కోత, వెనక్కి పోయేటప్పుడు ఉలి వదులు చేయాలి. నేను మోటారు పెట్టుకుని కూడా పట్టలేకపోతున్నాను, వాళ్లు అలా పట్టారు.

దేవరకొండ రోడ్డు వైపు ఒక మేస్త్రీ ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. మెట్ల కటకటాలకు, పూజ మందిరాలకు కోళ్లు తీస్తాడు. మా ఇంటి పూజ మందిరం కోసం వెళ్లి, రెండు గంటలు నిలబడి చూసి, “నాకు నేర్పుతావా?” అని అడిగాను. నవ్వి, “మీకెందుకు సార్ ఈ దుమ్ము?” అన్నాడు. మర్నాడు పొద్దున్నే వెళ్లాను.

మొదటి రోజే తప్పు చేశాను. భుజం మీద తువ్వాలుతో నిలబడ్డాను, మనకది అలవాటు కదా. వంగి చూద్దామనుకునే లోపల తువ్వాలు కొస కర్రకు చుట్టుకుంది. ఒక్క సెకను. మెడ మీద నుంచి జారిపోయింది కాబట్టి సరిపోయింది, ముడి వేసి ఉంటే ఈ మీటింగు మరో రకంగా జరిగేది. మేస్త్రీ స్విచ్ ఆపి, ఏమీ అనకుండా నా గడియారం, ఉంగరం కూడా తీయించి డబ్బాలో వేశాడు. ఆ తర్వాతే మాట్లాడాడు. కాబట్టి ఎవరికైనా ఈ పని మీద మోజు పుడితే, ముందు లుంగీ, పొడుగు చేతుల చొక్కా, కండువా ఇంట్లో పెట్టి రండి. ముఖానికి అద్దం తొడుక్కోవాలి, ముక్కుకు మాస్కు. వేప దుమ్ము ముక్కులోకి పోతే సాయంత్రం టీ కూడా చేదే.

రెండో పాఠం ఉలి పట్టడం. నేను పదును నేరుగా కర్రకు గుచ్చాను. ‘టక్’మని కొరికింది, ఉలి చేతిలో ఎగిరింది, కర్ర మీద వేలంత గాటు పడింది. మేస్త్రీ ఏమన్నాడంటే, “గట్ల గుచ్చకుండ్రి సార్. ఉలి వీపు ముందు ఆనాలె. వీపు కర్ర మీద జారుతుంటే, అప్పుడు పిడి జర పైకి లేపుండ్రి. పదును అదే వస్తది.” ఉలి సాన పట్టిన వాలు భాగాన్ని అతను వీపు అంటాడు. నెల రోజులు నాకు ఇదే పాఠం. సరిగ్గా తగిలిన రోజు చప్పుడు మారుతుంది, గరగర పోయి సన్నగా ఈల వేసినట్టు వస్తుంది. దుమ్ముకు బదులు పొడుగ్గా, కొబ్బరి కోరులాగా పొట్టు చేతి మీద పడుతుంది. వెచ్చగా ఉంటుంది. తుమ్మ కర్రయితే ఎర్రగా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. దీని కోసమే మైకు పట్టుకున్నాను.

ఒకరోజు 60 మిల్లీమీటర్ల చదరపు టేకు ముక్క ఇచ్చి, “మూలలు తీసి ఎనిమిది పలకలు చేయుండ్రి” అన్నాడు. మూలలు తీస్తే లేత్ మీద పెట్టినప్పుడు ఉలి మీద దెబ్బలు తక్కువ పడతాయి. ఎనిమిది పలకలూ సమానంగా ఉండాలి. నేను జేబులోంచి పెన్ను తీశాను. లెక్కల మాస్టారిని కదా! మూల దగ్గర x తీసేస్తే, కర్ణం x రూట్ రెండు, మిగిలింది 60 మైనస్ 2x, రెండూ సమానం... వేసుకుంటూ పోతున్నాను. అతను గోడకున్న దారం తీశాడు. చదరం మధ్య చుక్క నుంచి మూల దాకా దారం పట్టి గోటితో నొక్కాడు. అదే కొలతను ఆ మూల నుంచి అంచు వెంట పరిచి గీత పెట్టాడు. నాలుగు మూలల నుంచీ రెండు వైపులా, ఎనిమిది గీతలు. అయిపోయింది. నా దగ్గర ఇంకా సమీకరణమే ఉంది.

ఇంటికి వెళ్లి రాత్రి సరిచూశాను. మూల నుంచి మధ్యకు 42.4. 60లోంచి తీసేస్తే మూల దగ్గర కోసేది 17.6. కోసిన చోట వచ్చే పలక 24.85, మధ్యలో మిగిలే పలక కూడా 24.85. సరిగ్గా సరిపోయింది. అది అతని తండ్రి నేర్పిన దారమట, తండ్రికి తాత.

మర్నాడు అడిగాను, ఎంతవరకు చదివావని. “పదో తరగతి సార్. లెక్కల్ల పోయింది” అన్నాడు. 

ఏ సంవత్సరం అని నేను అడగలేదు. పదో తరగతి పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కు నేను ఏటా వెళ్లేవాణ్ణి. మనలో చాలామంది వెళ్లేవాళ్లం.

సార్లూ, మేడమ్‌లూ, ఒక్కసారి ఆలోచించండి. వృత్తం చుట్టుకొలత ఎన్ని వందల మందికి చెప్పాను! నల్లబల్ల మీద సున్నా చుట్టడం తప్ప ఒక్క గుండ్రటి వస్తువు చేయలేదు. నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగే లేత్ మీద రెండంగుళాల కోడు అంచు గంటకు దాదాపు 10 కిలోమీటర్లు పోతుంది, పది అంగుళాల గిన్నె అంచు 48 కిలోమీటర్లు, అంటే మన ఆర్టీసీ బస్సు. అందుకే పెద్ద ముక్కకు వేగం తగ్గించాలి. ఆ లెక్క బడిలో చెప్పి ఉంటే వ్యాసానికీ వేగానికీ సంబంధం ఎవడు మరిచిపోతాడు? బొంగరం తెచ్చుకున్న పిల్లల దగ్గర లాక్కుని టేబుల్ సొరుగులో పడేశాం. బొంగరం తీసేది కూడా ఈ లేత్ మీదే.

సరే, అధ్యక్షుల వారు చూస్తున్నారు. త్వరగా చెబుతాను. నా గిన్నెల సంగతి. మే నెలలో కరెంటు తీగల కోసం వేప కొమ్మలు కొట్టేస్తుంటే ఒక దుంగ తెచ్చుకున్నాను. పచ్చిది, వెన్నలాగా తెగింది. గిన్నె చేసి గర్వంగా కిటికీలో పెట్టాను. మన నల్లగొండ ఎండ సంగతి తెలుసు కదా, మూడో రోజుకు రెండుగా చీలింది. ఆరేటప్పుడు కర్ర, అడ్డకోతలో కనిపించే వలయాల వెంట ఎంత కుంచించుకుపోతుందో, నడిమి నుంచి బయటికి దాదాపు అందులో సగమే కుంచించుకుపోతుంది. అందుకే గుండ్రటిది కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది, లేదా పగులుతుంది. గిన్నె వెడల్పులో పదో వంతు మందం వదిలి, చివరలకు మైనం రాసి, నీడలో నెలల తరబడి ఆరనిచ్చి, రెండోసారి తిప్పాలి. మేస్త్రీ ముందే చెప్పలేదా అంటారేమో. చెప్పాడు.

రంగుల సంగతికి ఆంధ్రలోని ఏటికొప్పాక చెప్పుకోవాలి. అక్కడ అంకుడు కర్రతో బొమ్మలు చేస్తారు, 2017లో జీఐ, అంటే భౌగోళిక సూచిక, గుర్తింపు కూడా వచ్చింది. తిరుగుతున్న బొమ్మకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. అంకుడును మన వైపు పాలకొడిసె అంటారు. లక్క ప్రయత్నం నేనూ చేశాను. చొక్కా మీద ఎక్కువ పడింది.

ఇంకో మాట. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి ఇన్నేళ్లు గర్భగుడిలో రోజంతా పడే నీడ చూడడానికే పోయాను, పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్లినప్పుడు నీడ గురించే చెప్పాను. పోయిన నెల స్తంభాలు చూస్తూ నిలబడ్డాను. మా ఆవిడ ఏమైందని అడిగింది. రాతిలో ఉంగరాలు లెక్కపెడుతున్నానని చెప్పాను.

కాలక్షేపం అనొద్దని అందుకే అన్నాను. మేస్త్రీకి అది అన్నం. నాకు అది, ఏమనాలి, బాకీ తీర్చుకోవడం లాంటిది. తీరుతుందని కాదు.

మీకో విన్నపం. మీ అటకల మీద పాత మంచం కోళ్లు ఉంటే పొయ్యిలో పెట్టొద్దు, పాత సామాను వాడికి ఇవ్వొద్దు. నాకివ్వండి. కొలతలు తీసుకుని, నమూనా గీసుకుని మీకే తిరిగి ఇస్తాను. విరిగినవైనా సరే.

రెండు వస్తువులు తెచ్చాను, వరుసల్లో పంపుతున్నాను, పట్టుకుని చూడండి. ఒకటి చపాతీ కర్ర, కొంచెం వంకర, రొట్టె ఒకవైపు పలచగా వస్తుంది. రెండోది మామిడి గిన్నె. మేడం, అందులో మజ్జిగ పోయకండి. లోపల ఇంకొంచెం తీద్దామనుకుని అడుగు దాటి పోయాను, కింద చిన్న రంధ్రం ఉంది.