షీల్డు సంగతి తర్వాత, ముందు బస్సు చార్జీ

(నెల్లూరులో జర్నలిజం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, పాఠాలు చెప్పే మిత్రులకు, వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు కూడా నమస్కారం. ఫోన్లు లోపల పెట్టకండి. ఇవాళ వాటితో పనుంది.

నన్ను స్కాలర్‌షిప్పులు, అవార్డుల గురించి మాట్లాడమన్నారు. జర్నలిజం పిల్లల దగ్గర ఈ మాటెత్తితే ముందు వినిపించేది, "మాకేముంటాయి సార్, అవన్నీ ఇంజినీరింగు వాళ్ళకే" అని. ఉన్నాయి. కాకపోతే వాటి మీద జర్నలిజం అని బోర్డు రాసి ఉండదు. చదువుకు డబ్బిచ్చే పథకాల్లో చాలావాటికి మీ సబ్జెక్టుతో పని లేదు. మీ ఇంటి ఆదాయం, ఇంటర్ మార్కులు, కులం, హాజరు, వీటితోనే పని. కాబట్టి జర్నలిజం స్కాలర్‌షిప్ అని గూగుల్లో వెతికి, ఏమీ దొరకలేదని ఊరుకోకండి.

మొదట మన రాష్ట్రం ఇచ్చేది, ఫీజు రీయింబర్స్‌మెంట్. ప్రభుత్వం మారితే పథకం పేరూ మారుతుంది. దరఖాస్తు పెట్టే జ్ఞానభూమి పోర్టల్, రెండున్నర లక్షల ఆదాయ పరిమితి, 75 శాతం హాజరు, ఈ మూడూ గుర్తుంటే చాలు. పీజీకి వెళ్ళేవాళ్ళు మాత్రం ఒక సంగతి చూసుకోవాలి. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్ళకు రీయింబర్స్‌మెంట్ ఆపేశారు. అంటే అదే కోర్సుకు యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక లెక్క, ప్రైవేటు కాలేజీలో ఇంకో లెక్క అయింది. అందుకని సీటు తీసుకునే ముందే, ఈ ఏడాది ఈ కాలేజీకి వర్తిస్తుందా లేదా అని సాంఘిక సంక్షేమ శాఖ ఆఫీసులో అడగండి. కాలేజీ కౌంటర్లో అడిగితే "వస్తుంది లేమ్మా" అనే అంటారు. ఫీజు కట్టించుకునే కౌంటరు ఇంకేమంటుంది?

ఇక కేంద్రానిది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కాలేజీ, యూనివర్సిటీ విద్యార్థులకని ఒక పథకం ఉంది. దేశం మొత్తం మీద ఏటా 82,000 మందికి కొత్తగా ఇస్తారు, అందులో సగం అమ్మాయిలకు. డిగ్రీలో ఏడాదికి 12,000, పీజీలో 20,000. ఇంటర్‌లో మీ బోర్డు విద్యార్థుల్లో 80వ పర్సంటైల్ పైన, అంటే మార్కుల్లో పైనున్న ఇరవై శాతం మందిలో ఉండాలి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షలు దాటకూడదు. దీంట్లో రెండు మెలికలున్నాయి. దీనికి డిగ్రీ మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చెయ్యాలి. మూడో ఏడాదిలో తెలిసినవాళ్ళకు లాభం లేదు. రెండోది, ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటూ దీన్ని తీసుకోవడం కుదరదు. మీ ఫీజెంత, హాస్టలెంత, ఏది ఎక్కువ గిట్టుబాటు అని ఇంట్లో అమ్మానాన్నలతో కూర్చుని లెక్కేసుకోండి.

పీజీ మొదటి ఏడాదిలో చేరేవాళ్ళకు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) వాళ్ళ స్కాలర్‌షిప్ వేరే ఉంది. నెలకు 15,000 చొప్పున ఏడాదికి పది నెలలు. వయసు 30 లోపు ఉండాలి, రెగ్యులర్ కోర్సు అయి ఉండాలి.

కాలేజీల్లో పాఠాలు చెప్పడానికీ, రీసెర్చ్ చెయ్యడానికీ రాసే నెట్ పరీక్ష గురించి చెబితే ఇక్కడ సగం మంది మొహం తిప్పుకుంటారని తెలుసు. రీసెర్చ్ మనకెందుకు, మనం ఫీల్డుకు పోయేవాళ్ళం అనుకుంటారు. యూజీసీ నెట్‌లో మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం ఒక సబ్జెక్టు. అందులో జేఆర్ఎఫ్, అంటే రీసెర్చ్ చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్ళూ నెలకు 37,000, తర్వాత 42,000. మన జిల్లాలో కొత్తగా విలేకరిగా చేరినవాడికి నెలకు చేతికెంత వస్తుందో మీ సీనియర్లను అడగండి. ఆ తర్వాత మొహం తిప్పుకోండి.

ఇప్పుడు ఎక్కువమంది దెబ్బతినే చోటు చెబుతాను. అర్హత ఉండీ డబ్బు రాకపోవడానికి మార్కులు కారణం కాదు, పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఒక్క ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. బ్యాంకు పాసు పుస్తకంలో ఇంటిపేరు చివరికి పోతుంది. షేక్ అనే చిన్న ఇంటిపేరును ఇంగ్లిష్‌లో మూడు కాగితాల్లో మూడు రకాలుగా రాసి ఉండగా చూశాను. మనిషికి ఆ ముగ్గురూ ఒకరేనని తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. అప్లికేషన్ పెండింగ్ అని చూపిస్తుంది, మీకు టెన్షన్. అందుకని ముందు పదో తరగతి మెమో పక్కన పెట్టుకుని దానికి తగ్గట్టు ఆధార్ సరిచేయించండి. ఆ తర్వాత బ్యాంకుకు వెళ్ళి, ఖాతాకు ఆధార్ లింకయిందా అని కాదు, ప్రభుత్వ డబ్బు నేరుగా పడేలా సీడింగ్ అయిందా అని అడగండి. ఆ రెండూ వేరు. ఆదాయ ధ్రువపత్రం సచివాలయంలో పెట్టుకోవచ్చు. అది గడువు చివరి వారంలో పెట్టుకునే పని మాత్రం కాదు.

మన కోర్సుకే ప్రత్యేకంగా ఉన్న దారులకు వస్తాను. మద్రాసులో ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం ఉంది. పొద్దున పినాకిని రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటారు. ఫీజు ఎక్కువే. కానీ దళిత, ఆదివాసీ విద్యార్థులకు, ఇంట్లో స్తోమత లేనివాళ్ళకు స్కాలర్‌షిప్పులు ఇస్తారు. ఢిల్లీలో 1965లో పెట్టిన ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) ఇప్పుడు డీమ్డ్ యూనివర్సిటీ. దానికి అమరావతిలో క్యాంపస్ ఉందని తెలిసి మనవాళ్ళు సంబరపడుతుంటారు. అది మహారాష్ట్ర అమరావతి నాయనా, రైలు టికెట్ చూసి తీసుకోండి. ఇవికాక ఈనాడు లాంటి తెలుగు పత్రికలు నడిపే జర్నలిజం స్కూళ్ళున్నాయి. అక్కడ ఫీజు మాట లేదు, శిక్షణ కాలంలో వాళ్ళే మీకు స్టైపెండ్ ఇస్తారు. ప్రవేశ పరీక్షలో తెలుగు రాయడం చూస్తారు. మన పిల్లలు ఇంగ్లిష్ రాదని భయపడతారు గానీ, చాలామంది ఆగిపోయేది తెలుగు దగ్గరే.

విదేశాల సంగతి క్లుప్తంగా. డెన్మార్క్‌లోని ఆర్హుస్ యూనివర్సిటీ ముందుండి నడిపే, యూరోపియన్ యూనియన్ వాళ్ళ ఎరాస్మస్ ముండస్ జర్నలిజం మాస్టర్స్ రెండేళ్ళ కోర్సు. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, పైన నెలకు 1,400 యూరోలు. ఎస్సీ, సంచార జాతుల వారికి, భూమిలేని కూలీల, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి.

ఇప్పుడు అసలు నేను చెప్పాలని వచ్చిన మాట. చదువుకు డబ్బు వేరు, వార్తకు డబ్బు వేరు. మొదటిదాని కోసం ఇంతసేపు చెప్పాను, రెండోదాని గురించి ఎవరూ మాట్లాడరు. మనవాళ్ళకు అవార్డంటే వార్త అచ్చయ్యాక ఇచ్చే శాలువా, షీల్డు, ఒక ఫోటో. ఆ వార్త రాయడానికి తిరిగిన బస్సు చార్జీలు ఎవరిచ్చారని అడిగిన పుణ్యాత్ముడు లేడు.

పల్లెల గురించి రాసే జర్నలిస్టు పి. సాయినాథ్ పేరు మీ సిలబస్‌లో ఉంటుంది. ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది 2007లో. దానికి మూలం 1993లో ఉంది. ఆ ఏడాది ఆయనకు టైమ్స్ ఆఫ్ ఇండియా ఫెలోషిప్, అంటే తిరిగి రాయడానికి ముందే ఇచ్చే డబ్బు, వచ్చింది. దాంతో దేశంలో అతి పేద జిల్లాలకు వెళ్ళి, అక్కడే ఉండి రాశాడు. మెగసెసే ఆయన్ను అందరికీ పరిచయం చేసింది, నిజమే. కానీ ఆ పల్లెలకు తీసుకెళ్ళింది ఫెలోషిప్పు. నాకడిగితే మొదటిదానికన్నా రెండోదే పెద్దది. ఆయన 2014 చివర్లో మొదలుపెట్టిన పరి (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) వెబ్‌సైట్ తెలుగులోనూ వస్తుంది. విద్యార్థులు రాసిన కథనాలు తీసుకోవడానికి వాళ్ళకు ప్రత్యేక విభాగమే ఉంది. మీ పేరు మీద మొదటి కథనం అక్కడ రావచ్చు.

అమెరికాలో హర్స్ట్ అవార్డులని 1960 నుంచీ ఉన్నాయి. కేవలం యూనివర్సిటీ జర్నలిజం విద్యార్థులకే. అందులో నాకు నచ్చిందేమిటంటే, విద్యార్థికి స్కాలర్‌షిప్ సొమ్ము ఇచ్చినప్పుడు దానికి సమానంగా వాళ్ళ డిపార్ట్‌మెంటుకూ ఇస్తారు. దాంతో పిల్లవాడి వార్త బాగుండాలని మాస్టారికీ పట్టింపు ఉంటుంది. మన దగ్గర పిల్లవాడి వార్త బాగుంటే మాస్టారికి వచ్చేది, "క్లాసులు ఎగ్గొట్టి ఎక్కడ తిరుగుతున్నాడు?" అన్న అనుమానం.

ఒకసారి ఒక విద్యార్థి పోటీకి వచ్చిన ఎంట్రీలు చూసే పని నా మీద పడింది. ఎక్కువ భాగం ప్రెస్‌మీట్లు. అన్నారు, తెలిపారు, పేర్కొన్నారు, కొనియాడారు. వాటి మధ్యలో ఒక అమ్మాయి ఐసు గురించి రాసింది. మన తీరంలో ఒక పల్లె. పడవ సముద్రం మీదకు పోయేముందు ఐసు, డీజిలు కావాలి. చేతిలో డబ్బుండదు కాబట్టి వ్యాపారి అప్పుగా పోయిస్తాడు. తెల్లారి పడవ ఒడ్డుకొస్తే చేప అతనికే వెయ్యాలి, అతను చెప్పిన రేటుకే. పక్కన వేలంలో రేటు ఎక్కువ పలుకుతుంటే ఈ మనిషి వింటూ నిలబడాలి. ఆ అమ్మాయి ఐసు గడ్డ రేటు, డీజిలు లీటర్లు, కిలో చేపకు ఈ రేటుకూ ఆ రేటుకూ తేడా, అన్నీ ఒక చిన్న పట్టికలో వేసింది. విశేషణం ఒక్కటీ లేదు. వార్తకు అంతకన్నా ఏం కావాలి? వేలం చూడాలంటే చీకటితోనే ఒడ్డున ఉండాలి, ఆ వేళకు బస్సు లేదు. ముందురోజు రాత్రే వెళ్ళి తెలిసినవాళ్ళింట్లో పడుకుంది. ఆ తెలిసినవాళ్ళు లేకపోతే ఆ వార్త లేదు. చుట్టాలున్న ఊళ్ళలోనే మన పిల్లలు రిపోర్టింగ్ చెయ్యగలిగితే, చుట్టాలు లేని ఊళ్ళ వార్తలెవరు రాయాలి?

అవార్డులు ఇచ్చే పెద్దలు ఇక్కడ కొందరున్నారు. ఆక్వాలో సంపాదించినవారున్నారు, గ్రానైట్‌లో ఉన్నవారున్నారు. నాన్నగారి పేరు మీద యూనివర్సిటీలో గోల్డ్ మెడల్ పెట్టాలనుకునేవాళ్ళూ ఉండొచ్చు. మంచి ఆలోచనే, లెక్క మాత్రం చూడండి. మీరు లక్ష రూపాయలు డిపాజిట్ చేస్తారు. ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 6,500. ఇవాళ్టి రేటుకు ఆ డబ్బుతో బంగారం కాదు, బంగారు పూత వస్తుంది. స్నాతకోత్సవంలో ఒక ఫస్ట్ ర్యాంకు విద్యార్థి మెడలో అది పడుతుంది. ఆ అబ్బాయికి అప్పటికే ర్యాంకు ఉంది.

అదే 6,500 రెండో సంవత్సరం విద్యార్థికి వార్త రాయకముందు ఇవ్వండి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళ మీద రాస్తానన్నాడనుకోండి. రెండుసార్లు వెళ్ళిరావాలి, ఒక రాత్రి ఉండాలి. నాలుగు బోర్ల నీళ్ళు సీసాల్లో పట్టుకుని ల్యాబులో పరీక్ష చేయించాలి. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాకా ఫర్వాలేదు, వేరే నీళ్ళు దొరకని చోట ఒకటిన్నర దాకా తాగొచ్చు, ఇది దేశంలో ప్రమాణాలు నిర్ణయించే సంస్థ బీఐఎస్ పెట్టిన లెక్క. ఏ బోరులో ఎంతుందో అంకె చేతిలో ఉంటే, "నీళ్ళు బాగా లేవని గ్రామస్థులు వాపోయారు" అని రాయక్కర్లేదు. ఆ అంకెకు ఆఫీసరు జవాబు చెప్పాల్సిందే. దీనంతటికీ మీ మెడల్ ఖర్చు సరిపోతుంది.

అయితే కొన్ని షరతులు, ఇవి దాతలకు. ఎవరికివ్వాలో మీరు తేల్చకూడదు. చీమకుర్తి క్వారీ యజమాని ఇచ్చిన డబ్బుతో చదివిన పిల్లవాడు రేపు క్వారీ దుమ్ము మీద రాస్తానంటే, మీరు ఫోన్ ఎత్తకూడదు. 2021లో మన రాష్ట్ర ప్రభుత్వం వైఎస్సార్ జీవిత సాఫల్య పురస్కారం ప్రకటించినప్పుడు ఇందాక చెప్పిన సాయినాథే వద్దన్నాడు. 10 లక్షల రూపాయల అవార్డు. ఎవరి పనిని మనం పరిశీలించి రాయాలో ఆ ప్రభుత్వం చేతి మీదుగా అవార్డు తీసుకోకూడదన్నది ఆయన వాదన. విద్యార్థులందరూ అంత తెగువ చూపాలని నేనడగను, ఆకలి వేరు, పేరు వేరు. ఇచ్చేవాళ్ళు మాత్రం పిల్లల్ని ఆ ఇరకాటంలో పెట్టొద్దు. డబ్బు యూనివర్సిటీ ఖాతాలో వెయ్యండి, ఎంపిక బయటి జర్నలిస్టులకు వదిలెయ్యండి. ఇంకోటి, వార్త కుదరకపోయినా డబ్బు వెనక్కి అడక్కూడదు. నాలుగు బోర్లలో నీళ్ళు బాగానే ఉన్నాయని తేలితే అది కూడా తెలుసుకోవాల్సిన విషయమే. టికెట్లు, ల్యాబు రసీదు తెచ్చి చూపిస్తే చాలు.

మన జిల్లాలకు డబ్బూ పత్రికా రెండూ కొత్త కావు. ప్రకాశం పంతులుగారు బారిస్టరుగా గడించిందంతా 1921లో మద్రాసులో పెట్టిన స్వరాజ్య పత్రికలో పోశారు. ఆ పత్రికలో పనిచేసి పేరు తెచ్చుకున్న ఖాసా సుబ్బారావు గారిది మన కావలి. అప్పట్లో ఒకరి ఆస్తి కరిగితే పదిమంది జర్నలిస్టులు తయారయ్యారు. ఇప్పుడు ఎవరి ఆస్తీ కరగక్కర్లేదు, వడ్డీ చాలు.

విద్యార్థులకు ఒక్క పని చెప్పి దిగిపోతాను. ఎక్కడ దరఖాస్తు పెట్టినా కథనం ప్రతిపాదన అడుగుతారు. అందులో సమాజం, చైతన్యం, బాధ్యత అని మొదలుపెట్టకండి. ఏ ఊరు, ఎవరిని కలుస్తారు, ఏ కాగితం సంపాదిస్తారు, ఎంత ఖర్చు, ఈ నాలుగూ ఒక పేజీలో రాయండి. అచ్చయినవి ఉంటే పత్రిక పేరు, తేదీ, ఎడిషన్ కనబడేలా పూర్తి పేజీ దాచుకోండి. కత్తిరించిన ముక్కలో తేదీ లేకపోతే ఎంట్రీ పక్కన పెట్టేస్తారు.

ఇప్పుడు ఫోన్లు తియ్యండి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేసుకోనివాళ్ళు చేతులెత్తండి. సిగ్గుపడకండి, ఎత్తండి. మీరు ముందు వరసలోకి రండి, మిగతావాళ్ళ ప్రశ్నలు తర్వాత చూద్దాం.